కోళ్ల ఫారం ఇంటి అమ్మాయి, జంతు హక్కుల సదస్సు

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక గ్రామం. రెండు షెడ్లలో కంపెనీకి బ్రాయిలర్ కోళ్లు పెంచుతున్నాను. మా అమ్మాయి హనుమకొండలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ బైపీసీ మొదటి సంవత్సరం పూర్తి చేసింది. వచ్చే నెల హైదరాబాద్‌లో జరిగే రెండు రోజుల జంతు హక్కుల సదస్సుకు పేరు నమోదు చేసుకుని, క్యాలెండర్‌లో తేదీలు కొట్టేసుకుంటూ ఎదురుచూస్తోంది. కొన్ని నెలలుగా ఇంట్లో కోడికూర ముట్టడం లేదు. భోజనం దగ్గర ప్రతిసారీ "మరి నీ ఫీజు ఎక్కడిదనుకున్నావు" అంటున్నాను. వెటర్నరీ చదవమంటే జంతువుల తరఫున వాదించే లాయర్‌నవుతానంటోంది. ఈ రెండింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి. సదస్సు రద్దయిందని చెప్పి ఆపేద్దామా అని కూడా ఆలోచిస్తున్నాను. అక్కడ అడగడానికి తను రాసుకున్న ప్రశ్నల కాగితం నకలు జత చేస్తున్నాను. — ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరం చివరి మాటతో మొదలుపెడతాను. సదస్సు రద్దయిందని దయచేసి చెప్పవద్దు. ఆ అబద్ధం సాయంత్రానికల్లా ఫోన్‌లో బయటపడుతుంది. ఆ తర్వాత ఫీజు గురించైనా, కాలేజీ గురించైనా, రేపు పెళ్లి గురించైనా మీరు చెప్పే నిజాన్ని కూడా ఆమె ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని గాని నమ్మదు. పదహారు, పదిహేడేళ్ల పిల్లను రెండు రోజుల సభకు వెళ్లకుండా ఆపడానికి అంత మూల్యం చెల్లించడం తెలివైన పని కాదు. వేసవి తరగతులు రెండు రోజులు పోతే చదువు పాడైపోతుందన్న భయం మీకు ఉంటే దాన్ని కూడా వదిలేయండి.

ఇటువంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. అందులో కోర్సుల పేర్లు మారుతుంటాయి గాని, అడిగిన ప్రశ్న కింద ఉండే దిగులు మాత్రం దాదాపు ఒకటే. మీరు అడిగింది వెటర్నరీకి, న్యాయవిద్యకు మధ్య పోలిక. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మాత్రం, తనను చదివించిన డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తలచుకుని కూతురు మిమ్మల్ని చిన్నచూపు చూస్తుందేమోనన్న భయం. కాగితంలో ఆమె రాసుకున్న మూడో ప్రశ్న కింద మీరు ఎర్ర పెన్నుతో గీత గీసి, పక్కన "ఇది మా మీదే" అని రాసిన తీరు చూస్తేనే అది తెలిసిపోతుంది.

ఆ ప్రశ్న ఇది: "మే నెల ఎండకు షెడ్లలో చనిపోయే కోళ్ల లెక్క ఎవరు రాస్తారు? ఆ నష్టం రైతు మీదే ఎందుకు పడుతుంది?" మీరు దీన్ని నిందగా చదివారు. నాకు అలా అనిపించలేదు. మిట్టమధ్యాహ్నం షెడ్డు చుట్టూ కట్టిన గోనె పట్టాలను తండ్రి తడుపుతుండగా, కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే ఇల్లంతా పరుగులు పెడుతుండగా చూసిన పిల్ల మాత్రమే అడగగలిగిన ప్రశ్న అది. కోడిపిల్లలను, దాణాను, మందులను కంపెనీయే ఇస్తుందని, చనిపోయిన వాటి శాతం పెరిగితే మీకు వచ్చే పెంపకం కూలి తగ్గుతుందని పట్నంలో పెరిగి వీడియోలు చూసిన పిల్లలకు తెలియదు. ఆమె కోడి పక్షాన ఎంత నిలబడిందో మీ పక్షాన కూడా అంతే నిలబడింది. గుడ్ల కోళ్లను, బ్రాయిలర్ కోళ్లను ఎలా ఉంచాలి, ఎలా తరలించాలి అన్న అంశంపై భారత లా కమిషన్ 2017లో తన 269వ నివేదికనే సమర్పించింది. అంటే మీ అమ్మాయి అడుగుతున్నది దేశంలో పెద్దలు తలపట్టుకున్న సంగతే గాని, పిల్లచేష్ట కాదు.

అయితే ఆ సభలో ఆమె వినబోయే మాటలన్నీ మీకు రుచిస్తాయని నేను మభ్యపెట్టను. జంతు సంక్షేమం కోరేవారు జంతువులను పెంచుకోండి, కాని హింసించకండి అంటారు. జంతు హక్కులను నమ్మేవారిలో గట్టివారు అసలు పెంచనే వద్దంటారు. పాలు, గుడ్లు, తోలు, మాంసం ఏదీ మనిషి సొత్తు కాదంటారు. మీ అమ్మాయి ఈ రెంటిలో ఏ వైపు ఉందో ఆమెకే ఇంకా తెలిసినట్టు లేదు. కోడికూర మానింది గాని, పెరుగు మానిందని మీరు రాయలేదు. ఆ తేడాను ఆమె తేల్చుకోవాలంటే వాదించేవారి మధ్య కూర్చోవాలి. 2014లో నాగరాజ కేసులో జల్లికట్టును నిలిపివేస్తూ సుప్రీంకోర్టు జంతువుల గౌరవం గురించి ఎంతో మాట్లాడింది. అదే కోర్టు 2023లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనంతో, జల్లికట్టును అనుమతించే తమిళనాడు సవరణ చట్టాన్ని సమర్థించింది. ఆ 2023లోనే మన కాజీపేటలో వీధి కుక్కల దాడిలో ఒక పసివాడు ప్రాణాలు కోల్పోయాడు. కుక్కల హక్కుల గురించి మాట్లాడదలచిన వారెవరైనా ఆ తల్లి ఎదుట నిలబడి మాట్లాడగలగాలి. చదవడంతోనే ఇవన్నీ వంటబట్టవు.

ఇక పోలిక. మామునూరులో, కోరుట్లలో, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కళాశాలలు ఉన్నాయి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల చదువు. ప్రభుత్వ కొలువు దొరికినా, దొరకకపోయినా పల్లెలో పశువైద్యుడి అవసరం తగ్గదు కాబట్టి భద్రత విషయంలో దీనికే నా ఓటు. కాని "జంతువులంటే ప్రేమ గనుక వెటర్నరీ" అని తల్లిదండ్రులు వేసే లెక్క చాలాసార్లు తప్పుతుంది. ఆ డిగ్రీ పేరులోనే పశుసంవర్ధకం ఉంది. శవాన్ని కోసి శరీర నిర్మాణం నేర్చుకోవాలి, కృత్రిమ గర్భధారణ చేయాలి, కోళ్ల పెంపకంలో దిగుబడి ఎలా పెరుగుతుందో చదవాలి, మాంసం తనిఖీ, నిల్వ నేర్చుకోవాలి. సంక్షేమ భావన ఉన్న పిల్ల దీన్ని ఇష్టంగా చదువుతుంది. ఒక్క ఇంజెక్షన్‌తో బాధ తగ్గించగలిగినప్పుడు కలిగే తృప్తి ఇంకే చదువులోనూ దొరకదు. హక్కుల భావన గట్టిగా ఉన్న పిల్ల మాత్రం రెండో ఏడాదికే నలిగిపోతుంది. కాబట్టి మీ అమ్మాయి ఏ వైపు ఉందో తెలుసుకోవడం మీ ఇంటి శాంతి కోసమే కాదు, సీటు నిర్ణయం కోసం కూడా అవసరం.

న్యాయవిద్యకు ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదు గనుక ఆ తలుపు ఎక్కడికీ పోదు. శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో జంతు చట్టాల కోసం ప్రత్యేక కేంద్రం ఉంది. ఈ విషయంలో దూరవిద్యా విధానంలో పీజీ కోర్సులు కూడా అక్కడ ప్రవేశపెట్టారు. అందువల్ల ఇప్పుడే "జంతువుల లాయర్" అన్న ముద్ర వేసుకోనవసరం లేదు, మామూలు న్యాయ డిగ్రీ తర్వాత ఆ వైపు తిరగవచ్చు. చేయవలసిన పని మాత్రం కొండంత ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం మొదటిసారి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. అరవై ఏళ్లు దాటినా ఆ అంకెలు అలాగే ఉన్నాయి. ఆలయాల్లో జంతు బలులను నిషేధించే 1950 నాటి చట్టం మన దగ్గర ఉంది, జాతర్లలో మొక్కు మేకలు తెగుతూనే ఉన్నాయి. మొక్కు తీర్చుకునేవాళ్లు మీ బంధువులే అయి ఉంటారు, వాళ్లతో మర్యాద చెడకుండా మాట్లాడటం ఏ లా కాలేజీలోనూ నేర్పరు. ఇంకొక నిజం కూడా ఆమెకు చెప్పండి: జిల్లా కోర్టులో జంతువుల కేసులతో ఏ వకీలుకూ ఇల్లు గడవదు. భూమి తగాదాలు, కుటుంబ కేసులు, ప్రమాద పరిహారం కేసులు వాదిస్తూ, వాటి మధ్యలో ఈ కేసులు చేపట్టవలసి ఉంటుంది.

నాకు గట్టి సందేహాలున్నది మూడో దారి మీద. అది మీ ఉత్తరంలో లేదు గాని, సదస్సు నుంచి వచ్చాక మీ ఇంట్లో తప్పకుండా మాటకు వస్తుంది. డిగ్రీ పూర్తి కాకుండానే స్వచ్ఛంద సంస్థలో చేరిపోవడం, లేదా విదేశంలో జంతు చట్టాలపై మాస్టర్స్ చేయడం ఇప్పుడు మోజుగా మారింది. హైదరాబాద్‌లో 1992 నుంచి బ్లూ క్రాస్ పనిచేస్తోంది, ముంబైలో పెటా ఇండియా ఉంది, మరికొన్ని సంస్థలు కూడా ఉన్నాయి. వాటిలో నిజాయితీగా పనిచేసేవారిని నేను తక్కువ చేయడం లేదు. కాని ఉద్యోగాలు కొన్నే, అవి కూడా పెద్ద నగరాల్లోనే. వాళ్లకు కావలసింది జాలిగుండె ఒక్కటే కాదు. చట్టం తెలిసినవారు, పశువైద్యం తెలిసినవారు, లెక్కలు చూడగలవారు, ఒక నివేదికను తప్పులేకుండా ఇంగ్లిషులోను తెలుగులోను రాయగలవారు కావాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో గాయపడిన కుక్కపిల్లను ఎత్తుకున్న ఫొటో అందంగా ఉంటుంది. ఆ కుక్కపిల్ల పుండులోని పురుగులను ఒక్కొక్కటిగా తీసిన రాత్రి, పార్వో వైరస్ సోకి అది కళ్లముందే పోయిన ఉదయం ఆ ఫొటోలో కనిపించవు. ఏ చేతిపనీ రాకుండా ఆవేశం ఒక్కటే పెట్టుబడిగా వెళ్లిన పిల్లలు రెండు మూడేళ్లకే అలసిపోయి, ఇంటికి రాలేక, అక్కడ ఉండలేక సతమతమవుతుండగా చూశాను. డబ్బు కట్టించుకుని "అంతర్జాతీయ ఇంటర్న్‌షిప్" అనే ధ్రువపత్రం చేతిలో పెట్టేవారు సభల చుట్టూ తిరుగుతుంటారు, అక్కడికక్కడే ఎవరికీ రూపాయి కట్టవద్దని అమ్మాయికి ముందే చెప్పండి. విదేశీ మాస్టర్స్ మాట ఎత్తితే, ఇక్కడ న్యాయ డిగ్రీ పూర్తయి రెండేళ్లు కోర్టు మెట్లెక్కాక మాట్లాడుకుందామనండి. అప్పు చేసి పంపవలసినంత తొందర అందులో ఏమీ లేదు.

బైపీసీ పిల్ల గనుక ఇంకొక దారిని కూడా ప్రస్తావిస్తాను, ఇది మన తల్లిదండ్రుల చెవిన పడదు. మందుల పరీక్షల్లో జంతువులకు బదులు మానవ కణాలతో చేసే పద్ధతులకు 2023లో కేంద్రం నిబంధనల్లో చోటు కల్పించింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఇటువంటి పరిశోధన జరుగుతోంది. జీవశాస్త్రంలో పట్టు ఉన్న పిల్లకు ఇది ఒక గంట నినాదాల కన్నా ఎక్కువ జంతువులను కాపాడే పని. సదస్సులో ఈ అంశంపై ఎవరైనా మాట్లాడితే ఆ గది వదలవద్దనండి.

మిమ్మల్ని కాస్త గట్టిగానే ఒక మాట అనాలి. కూతురు కోడికూర మానేస్తే మీరు దాన్ని మీ మీద తీర్పుగా తీసుకుని, భోజనం దగ్గర ప్రతిసారీ "మరి నీ ఫీజు ఎక్కడిదనుకున్నావు" అంటున్నానని మీరే రాశారు. ఆ మాట ఆపండి. ఆమె తిన్న ప్రతి ముద్దకు లెక్క అప్పజెప్పమనడం చదివించిన తండ్రికి తగదు. ఆమె ఇప్పటి దాకా మీ వృత్తిని మానమని అడగలేదు. ఆమె అడగని ప్రశ్నకు మీరే జవాబు చెబుతూ కోపం తెచ్చుకుంటున్నారు.

మీకు ఒక బ్యాచ్ కోళ్లకు, తర్వాతి బ్యాచ్‌కు మధ్య ఖాళీ ఉంటే ఆమెతో పాటు మీరూ వెళ్లండి. కాజీపేటలో పొద్దున రైలెక్కితే సభ మొదలయ్యే వేళకు చేరుకోవచ్చు. నిర్వాహకులను ముందుగా అడిగి తోడు వచ్చేవారికి ప్రవేశం ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే రాత్రి బస బంధువుల ఇంట్లో ఏర్పాటు చేయండి. అక్కడ టీలో పాలు కూడా ఉండకపోవచ్చు, అలవాటు లేనివారు బయటి హోటల్‌లో తాగి వెళ్లడం మంచిది. మూడో ప్రశ్నను కొట్టేయవద్దని, కంపెనీ కూలి ఎలా లెక్కగడుతుందో నాలుగు వాక్యాలు మీరే చెప్పి ఆ కాగితంలో చేర్పించండి. కోర్సు విషయం వచ్చే ఏడాది పరీక్షలయ్యాక చూద్దాం. అప్పుడు ఉత్తరం మీరు కాక ఆమెనే రాయమనండి.