ముగ్గు పోసేలోపు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: మాది గుంటూరు. గోరంట్ల వైపు మామగారి పేర 200 గజాల స్థలం ఉంది. తూర్పు రోడ్డు, ముఖం 36 అడుగులు, లోతు 50. కింద అత్తమామలు, పైన మేము ఉండేలా ఇల్లు కట్టాలనుకున్నాం. పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్ళు నాకిచ్చిన అరెకరం అమ్మి ఆ డబ్బూ ఇందులోనే పెడుతున్నాం. వంటగదికి నాలుగు గోడలూ ఉండాలని అత్తగారు, ఓపెన్ కిచెన్ కావాలని మావారు. పైన నాకో చిన్న వంటగది కావాలంటే, వేరు కాపురం పెడతావా అని గొడవ. పెళ్ళై హైదరాబాదులో ఉంటున్న ఆడపడుచు తనకూ ఒక గది ఉండాలంటోంది. ప్లాను ఇప్పటికి ఐదుసార్లు మారింది. ‘అమ్మతో నువ్వే తేల్చుకో’ అని మావారు తప్పుకుంటున్నారు. ఇల్లు కాకముందే ఇంట్లో మనశ్శాంతి పోయింది. ఏం చేయమంటారు?

జవాబు: ఐదుసార్లు మారిన ప్లానును ఆరోసారి గీయించకండి, ఇప్పుడే కాదు. మీ ఇంట్లో వాదన గోడల మీద నడుస్తోంది గానీ తేలాల్సినవి వేరు. రోజూ వంట ఎవరు చేస్తారు, పెద్దవాళ్ళకు మోకాళ్ళు సహకరించని రోజున పక్కన ఎవరు పడుకుంటారు, రేపు కలిసి ఉండటం కుదరకపోతే ఇల్లు రెండుగా విడదీయడానికి వీలుంటుందా, మీ పొలం డబ్బుకు కాగితం ఏది? ఈ నాలుగూ ఇంజినీరును అడిగే ప్రశ్నలు కావు. పాపం ఆయన మాత్రం, ఎవరు ఆఖరున ఫోను చేస్తే వాళ్ళ మాట గీస్తాడు.

ముందు మీవారి సంగతి. ‘నువ్వే తేల్చుకో’ అనడం పెద్దమనిషి తరహాగా కనిపిస్తుంది కానీ, అది మిమ్మల్ని అత్తగారి ఎదుట నిలబెట్టి ఆయన పక్కకు జరగడం. ఓపెన్ కిచెన్ కోరిక ఆయనది, కాబట్టి వాళ్ళమ్మతో ఆ మాట ఆయనే మాట్లాడాలి. మీరు లేనప్పుడు, ప్లాను కాగితం చేతిలో లేకుండా మాట్లాడాలి. అడగాల్సింది ఒక్కటే: ‘ఈ ఇంట్లో నీకు దేని గురించి భయంగా ఉంది?’ పైన వంటగది వస్తే కొడుకు కింద అన్నం తినడం మానేస్తాడనే బెంగ చాలామంది తల్లులకు ఉంటుంది. అది బయటికొస్తే సగం గొడవ అక్కడే ఆగుతుంది. ఆ తర్వాతే అందరూ కూర్చోండి. ఒక్కొక్కరు తమకు తప్పనిసరి అనిపించే రెండు విషయాలు మాత్రమే రాయాలి. మూడోది రాయనివ్వకండి.

ఇక స్థలం లెక్క. 200 గజాలంటే 1800 చదరపు అడుగులు, అది చూసి అందరూ గదులు పెంచుకుంటూ పోతారు. ముందు 5 అడుగులు, మిగతా మూడు వైపులా మూడున్నర చొప్పున ఖాళీ వదిలారనుకుందాం (మీ రోడ్డు వెడల్పుకు అసలు ఎంత వదలాలో ప్లాను పెట్టే ఎల్‌టీపీ, అంటే లైసెన్సున్న సాంకేతిక నిపుణుడు, చెప్పాలి). కట్టుబడికి 29 అడుగుల వెడల్పు, నలభై ఒకటిన్నర లోతు మిగులుతాయి. అంటే 1200 చదరపు అడుగులు. బయట 9 అంగుళాల గోడలు, లోపల నాలుగున్నర అంగుళాల గోడలు కలిసి ఇందులో పదో వంతుకు పైగానే తింటాయి. అందులోనే కారు, మెట్లు, హాలు, వంటగది, ఒక పడకగది రావాలి. కింద రెండో పడకగది అడిగితే హాలు వరండా అంత అయిపోతుంది. ఆడపడుచు గది పైనే సాధ్యం.

తూర్పు ముఖం ఇంటికి ఆగ్నేయం అంటే రోడ్డు వైపు దక్షిణ మూల. అత్తగారి వాస్తు ప్రకారం వంటగది వీధి పక్కకే వస్తుంది. గుమ్మంలోకి వచ్చినవాళ్ళందరికీ పొయ్యి కనపడటం ఆమెకు నచ్చకపోవడంలో న్యాయముంది. ఎండుమిర్చి తాలింపు వేస్తే హాల్లో ఉన్నవాళ్ళందరూ దగ్గుతారు కదా. ఈ విషయంలో నా ఓటు అత్తగారికే. అయితే భోజనాల బల్ల వైపు గోడలో 5 అడుగులు వదిలి జరిగే అద్దాల తలుపు పెట్టించండి. మామూలుగా తెరిచి ఉంచుకోవచ్చు, తాలింపు వేసేటప్పుడు మూసేయవచ్చు. చిమ్నీ గొట్టానికి 6 అంగుళాల రంధ్రం బయటి గోడకు ప్లాస్టరింగ్ కాకముందే వదలమనండి.

వంటగది లోపలి కొలత 8 × 11కు తగ్గనివ్వకండి. ఎదురెదురుగా రెండు గట్లు, ఒక్కోటి 2 అడుగులు పోగా మధ్య 4 అడుగులు ఉంటేనే ఇద్దరు ఒకరికొకరు తగలకుండా తిరగగలరు. మూడడుగులే ఉంటే రోజూ ‘కాస్త జరుగు’ అనాలి, అత్తాకోడళ్ళ మధ్య ఆ మాట ఏ స్వరంలో వస్తుందో మీకు తెలుసు. మీ ఇద్దరి ఎత్తుల్లో తేడా ఉంటే ఒక గట్టు 32 అంగుళాలు, ఇంకోటి 34 పెట్టించండి. గిన్నెలు కడగడానికి, గ్రైండరుకు పక్కనే 4 × 8 వాష్ ఏరియా, ఆవకాయ జాడీలకు, బియ్యం బస్తాలకు 5 × 6 స్టోరు ఉంటే వంటగది ఇరుకనిపించదు.

పైన వంటగది గొడవకు నా సలహా ఇది. కింది వంటగదికి సరిగ్గా నెత్తిన, పైన 5 × 7 మూల ఒకటి వదలండి. చిన్న గట్టు, సింకు, నీళ్ళు పోయే పైపు, 16 ఆంపియర్ల ప్లగ్గు చాలు. ప్లానులో దానికి వంటగది అని పేరు రాయించకండి. రాత్రి పాలు కాచుకోవడానికి, టీకి పనికొస్తుంది. మామగారికి ఇష్టమైన కూర కిందే వండుతారని మీవారి నోటితోనే చెప్పించండి. పదేళ్ళ తర్వాత అవసరమైతే అదే వంటగది అవుతుంది. పైపు ఇప్పుడు వేయకపోతే అప్పుడు శ్లాబు కొట్టించాలి, కింద గదికి చెమ్మ దిగుతుంది.

మెట్ల దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. హాలు పెద్దదిగా కనపడాలని మెట్లను నొక్కేస్తారు. అంతస్తు ఎత్తు పదిన్నర అడుగులైతే 126 అంగుళాలు. 18 మెట్లు వేస్తే ఒక్కోటి 7 అంగుళాలు, ఎక్కగలరు. 16కు కుదిస్తే దాదాపు 8 అంగుళాలు, మీ అత్తగారు పైకి రావడం మానేస్తారు. పైగా ‘కోడలు పిలవలేదు’ అనే మాట కూడా వస్తుంది. మూడున్నర అడుగుల వెడల్పుతో, మధ్యలో మలుపుతో ఈ మెట్లకు ఏడున్నర × 14 అడుగుల చోటు కావాలి. మూడడుగులే ఇస్తే బీరువా మలుపు తిరగదు.

ఆ మెట్లను వాయువ్యంలో, ఉత్తరం గోడ వెంట పెట్టి రెండు తలుపులు ఇవ్వండి. ఒకటి హాల్లోకి, ఇంకోటి ఉత్తరం వైపు సందులోకి. ఇవాళ హాలు తలుపు తెరిచే ఉంటుంది, ఒకే ఇల్లు. రేపు పై వాటా అద్దెకివ్వాలన్నా, మీరు వేరుగా ఉండాలన్నా ఆ తలుపు మూస్తే సరిపోతుంది. ఇల్లంతా హాల్లోంచే మెట్లు పెట్టి కట్టాక విడదీయాలంటే బయట ఇనుప మెట్లు వేలాడదీయాలి. విడిపోవడానికి వీలున్న ఇళ్ళల్లోనే నిబ్బరంగా కలిసి ఉంటారని నా నమ్మకం. మీ అత్తగారితో మాత్రం ‘అద్దెకు పనికొస్తుంది’ అనే చెప్పండి, అదీ నిజమే.

కింద నైరుతి గది అత్తమామలకు, దాని మీదది మీకు. గుంటూరు మే నెలలో పడమటి గోడ రాత్రి పది దాకా సెగ కక్కుతుంది, అందుకే ఆ గదికి పడమటి గోడను బీరువాలతో కప్పేయండి. బాత్రూమును గదికి, మెట్లకు మధ్య పెట్టండి. వాస్తు పేరుతో దక్షిణం కిటికీ మూయించొద్దు, సాయంత్రం గాలి వచ్చేది ఆ వైపునుంచే. బాత్రూము 5 × 8, తలుపు 3 అడుగులు, అది బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపు మనిషికి అడ్డం పడి కదలదు. గడప అరంగుళానికి మించకూడదు, పట్టుకోవడానికి కమోడు పక్కన కడ్డీ ఉండాలి. ఇంటి ముందు ర్యాంపు అడుగుతారు గానీ, రెండున్నర అడుగుల ఎత్తుకు సరైన వాలు రావాలంటే 30 అడుగుల పొడవు కావాలి, మీకు లేదు. 6 అంగుళాల మెట్లు ఐదు, 12 అంగుళాల వెడల్పుతో, పక్కన చేతికడ్డీ పెట్టించండి.

‘ఇప్పుడు ఇంతే కడదాం, తర్వాత ఓ గది కలుపుదాం’ అనే రాజీకి మాత్రం ఒప్పుకోకండి. స్థలం నల్లరేగడి అయితే వానల్లో ఉబ్బి ఎండల్లో కుంచించుకుపోతుంది. పాత పునాది ఒకలా, కొత్తది ఇంకోలా కదిలి, కలిపిన చోట గోడ చీలుతుంది. ముందు మట్టి పరీక్ష చేయించండి. ఆఖరి గది దాకా పిల్లర్లు ఇప్పుడే లెక్కలోకి రావాలి.

ప్లాను అప్రూవలుకు పెట్టేముందు ఒక ఆదివారం అందరూ స్థలానికి వెళ్ళండి. తాడు పట్టి, గోడల మందం వదిలి, అసలు కొలతల్లో ముగ్గు పోయించండి. గదులు చిన్నగా కనపడి అందరూ కంగారుపడతారు. ఖాళీ స్థలంలో ఎప్పుడూ అంతే, గోడలు లేచాక అలా అనిపించదు. అందుకే కంటిని నమ్మకుండా పాత దుప్పటి 6 × 6½ మడిచి మంచంగా పరవండి, కుర్చీలు వేయండి, తలుపులు తిరిగే చోట గీతలు గీయండి. మామగారిని మంచం నుంచి బాత్రూముదాకా నడిపించండి. అత్తగారిని వంటగది గీతల మధ్య నిలబెట్టి, మార్పులు ఆవిడతోనే చెప్పించండి. మార్పు అక్కడ కాలితో చెరిపితే అయిపోతుంది. పునాది పడ్డాక మార్పంటే గునపమే.

ఇక ఆడపడుచు గది. ఏడాదికి నాలుగుసార్లు వచ్చే మనిషికి మంచం వేసే చోటు కాదు సమస్య. స్థలం మామగారిది. ఆయన స్వార్జితమైతే, వీలునామా రాయకుండా ఆయన చనిపోయిన పక్షంలో భార్యకు, కొడుకుకు, కూతురికి సమాన వాటాలు వస్తాయి. ఆవిడకు అది తెలిసే ఉంటుంది. మీకు తెలియాల్సింది ఇంకోటి ఉంది. ఆయన స్థలంలో మీ డబ్బుతో లేచిన గోడలు, కాగితం లేకపోతే స్థలంతోపాటే ఆ వాటాల్లోకి వెళ్ళే ప్రమాదముంది. మామగారు బతికుండగానే, కూతురికి ఏమివ్వాలో ఆయన నోటితో చెప్పి, స్థలంలో మీ దంపతుల భాగానికి సెటిల్‌మెంట్ దస్తావేజు (కుటుంబంలోని వాళ్ళకు ఆస్తి రాసిచ్చే పత్రం) రాసి రిజిస్టరు చేయించడం అందరికీ మేలు. దస్తావేజు మీ ఇద్దరి పేర్లా ఉండాలి, మీవారి ఒక్కరి పేర కాదు. ఈ మాట అడగడానికి మొహమాటపడకండి. ఇంటి రుణం తీసుకుంటున్నారా, స్థలం సొంతదారును బ్యాంకు ఎలాగూ సంతకానికి పిలుస్తుంది, ఈ సంభాషణకు అదే మంచి సందు. లాయరుకు ఒకసారి చూపించండి. పొలం డబ్బు మీ ఖాతాలోకే రానివ్వండి, మేస్త్రీకి, సిమెంటుకు, ఇనుముకు అక్కడినుంచే బ్యాంకు ద్వారా చెల్లించి రశీదులు దాచుకోండి. దస్తావేజు రిజిస్టరయ్యేదాకా ఆ ఖాతాలోంచి పునాదికి డబ్బు తీయకండి.