కంప్యూటర్ బాగానే ఉంది, బ్రౌజరే వద్దంటోంది!

ప్రశ్న: మాది తెనాలిలో డీటీపీ సెంటర్. రెండు విండోస్ 7 సిస్టమ్‌లు ఉన్నాయి. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు వాటిలో హాయిగా నడుస్తున్నాయని మార్చలేదు. క్రోమ్ తెరిస్తే ఇకపై అప్‌డేట్లు కావాలంటే విండోస్ 10 ఉండాలని పైన పట్టీ వస్తోంది. ఆన్‌లైన్ దరఖాస్తుల సైట్లు కొన్ని తెరుచుకోవడం లేదు. క్రోమ్ అప్‌డేట్ చేసే దారి ఉందా?

జవాబు: లేదండీ. వీడియోల్లో చూపించే ట్రిక్కుల వెంట పడి టైం వేస్ట్ చేసుకోకండి. విండోస్ 7కి క్రోమ్ 109తోనే సరి, 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 ఉంటే తప్ప ఎక్కదు. అలాగని మీ ప్రాసెసర్‌కి చేతకాక కాదు. విండోస్ 7కి డబ్బు కట్టినవాళ్లకు ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లను కూడా మైక్రోసాఫ్ట్ 2023 జనవరి 10తో ఆపేసింది, దాంతో గూగుల్ కూడా చేతులు దులుపుకుంది. పాత విండోస్‌ని మోయాలంటే దానికోసం విడిగా కోడ్ ఉంచాలి, ప్రతి వెర్షన్‌నీ దాని మీద పరీక్షించాలి, అదంతా జీతాలిచ్చి చేయించాల్సిన పని. కాబట్టి ఇది ఖర్చు లెక్క చూసుకుని ఎవరో తీసుకున్న నిర్ణయం.

ఇక సైట్ల సంగతి. వాటిని తయారుచేసేవాళ్లు కొత్త బ్రౌజర్‌లో చూసుకుని వదిలేస్తారు, వాటిలోని కొత్త జావాస్క్రిప్ట్ (పేజీని పనిచేయించే కోడ్) మీ క్రోమ్ 109కి అర్థం కాదు. అందుకే ఒక్కోసారి తెల్ల పేజీ వచ్చి ఆగిపోతుంది, ఒక్కోసారి ఫారమ్ మొత్తం నింపాక ‘సబ్మిట్’ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు, కస్టమరేమో మీ మొహం వంక చూస్తూ కూర్చుంటాడు.

ప్రస్తుతానికి ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం మరమ్మతులు అందే వెర్షన్) వేసుకోండి. విండోస్ 7కి అదే ఆఖరి ఫైర్‌ఫాక్స్, కానీ సెక్యూరిటీ మరమ్మతులు మాత్రం ఇస్తూ వచ్చారు. మొదట 2024 సెప్టెంబర్‌తో ఆపేస్తామన్నవాళ్లు తర్వాత గడువు పెంచుతూ పోయారు. చిన్న విషయం కాదిది. 2023 సెప్టెంబర్‌లో వెబ్‌పీ అనే ఫార్మాట్ బొమ్మల్ని బ్రౌజర్లు చూపించే కోడ్‌లో ఒక లోపం బయటపడింది, దాన్ని వాడుకుని తయారుచేసిన బొమ్మ ఉన్న పేజీ తెరిస్తే చాలు, కంప్యూటర్‌లోకి దారి దొరికే ప్రమాదం. దానికి మరమ్మతు ఈ 115కీ వచ్చింది. అయితే ఇది శాశ్వతం అనుకోవద్దు.

నేనైతే ఒక సిస్టమ్‌కి నెట్ పూర్తిగా తీసేసి డీటీపీకే ఉంచుతాను, పీడీఎఫ్‌లు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే సరిపోతుంది. రెండో దాంట్లో 4 జీబీ ర్యామ్ ఉంటే విండోస్ బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (ఉచితంగా దొరికే తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించుకోండి, ఏ బ్రౌజరైనా తాజాగా వస్తుంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, హార్డ్ డిస్క్ ముట్టుకోనక్కర్లేదు. వేలిముద్ర మిషన్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ లాంటివి వాడుతుంటే మాత్రం వాటికి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో ముందు కనుక్కోండి, లేకపోతే పని ఆగిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి కాలేజీకి కొన్న ఆరో తరం ఐ5 ల్యాప్‌టాప్. విండోస్ 11 ఎక్కదట. పారేయాలా? (వరంగల్)

జవాబు: అస్సలు వద్దు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసరైనా, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ పెట్టిన గీత, మీ ల్యాప్‌టాప్ దానికి కాస్త ఇవతల పడింది, అంతే. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి, పేరు నమోదు చేసుకుంటే మరో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. మైక్రోసాఫ్ట్ సొంత ఎడ్జ్ బ్రౌజర్‌కైతే విండోస్ 10 మీద కనీసం 2028 అక్టోబర్ దాకా అప్‌డేట్లు ఉంటాయని వాళ్లే చెప్పారు. నెమ్మదిగా ఉందంటే హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించండి. చాలాసార్లు దాంతోనే లేచి కూర్చుంటాయి.

ప్రశ్న: ఓపెన్ సోర్స్ అంటే అందరిదీ కదా. మరి బ్రౌజర్లలో ఈ రాజకీయాలేంటి సార్? (హైదరాబాద్)

జవాబు: కోడ్ అందరికీ కనిపిస్తుంది, పెత్తనం అందరిదీ కాదు. క్రోమ్‌కి పునాది అయిన క్రోమియం కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, ఒపెరా బ్రౌజర్ 2013లోనే అటు వెళ్లింది, 2020 జనవరిలో ఎడ్జ్ కూడా దాని మీదకే మారింది. కానీ ఆ కోడ్‌లో ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చడంలో గూగుల్ మాటే ఎక్కువ చెల్లుతుంది. ‘మ్యానిఫెస్ట్ వీ3’ అని ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) నియమాలు మార్చారు, దాంతో ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ క్రోమ్‌లో పనిచేయకుండా పోయింది. భద్రత కోసమే అన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ప్రకటనల మీద బతికే కంపెనీ ఆ మాట అంటే జనం నవ్వుకోరా?

పోనీ ఫైర్‌ఫాక్స్ అందామంటే, దాన్ని తయారుచేసే మొజిల్లాకి వచ్చే ఆదాయంలో సింహభాగం గూగుల్‌దే, సెర్చ్ పెట్టెలో గూగుల్‌నే ఉంచినందుకు. సెర్చ్‌లో గూగుల్ గుత్తాధిపత్యం చట్టవిరుద్ధమని 2024 ఆగస్టులో అమెరికా కోర్టు తేల్చినప్పుడు, ఆ చెల్లింపులు ఆగిపోతే మా గతేంటని గగ్గోలు పెట్టింది మొజిల్లానే. 2025 సెప్టెంబర్‌లో అదే కేసులో జడ్జి అమిత్ మెహతా గూగుల్ క్రోమ్‌ని అమ్మనక్కర్లేదన్నారు, చెల్లింపులనూ పూర్తిగా ఆపలేదు, దాంతో మొజిల్లావాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. అంటే తెనాలిలో ఆ విండోస్ 7 మీద నడిచే ఫైర్‌ఫాక్స్‌కి అప్‌డేట్లు తయారయ్యేది కూడా చాలావరకు గూగుల్ డబ్బుతోనే!

అచ్చమైన రాజకీయమూ ఉందండోయ్. జావాస్క్రిప్ట్ సృష్టికర్త బ్రెండన్ ఐక్‌ని 2014లో మొజిల్లా సీఈఓ చేశారు. స్వలింగ వివాహాలను నిషేధించాలన్న కాలిఫోర్నియా ప్రతిపాదనకు ఆయన 2008లో వెయ్యి డాలర్ల విరాళం ఇచ్చిన సంగతి మీద గొడవ రేగి, రెండు వారాలు తిరక్కుండానే దిగిపోయారు. తర్వాత బ్రేవ్ అనే బ్రౌజర్ పెట్టారు. అదీ నడిచేది క్రోమియం మీదే.

ప్రశ్న: 32 బిట్ పాత నెట్‌బుక్, 1 జీబీ ర్యామ్. ఏ బ్రౌజర్ మంచిది? (అనంతపురం)

జవాబు: ఏదీ బాగుండదు, మొహమాటం లేకుండా చెప్తున్నా. లినక్స్ ఎక్కిద్దామన్నా, 32 బిట్ లినక్స్‌కి క్రోమ్ 2016లోనే నమస్కారం పెట్టేసింది, ఫైర్‌ఫాక్స్ కూడా 145 నుంచి మానేసింది. ఏదో ఒకటి ఎక్కించినా రెండు ట్యాబులు తెరిచేసరికి కదలదు. పాటలు పెట్టుకోండి, ఏదైనా టైప్ చేసుకోండి, బ్యాంకు పనులు మాత్రం అందులో చేయకండి.