చిట్టీ చివరిదాకా ఆపాలా? గోవా వెళ్లాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది హనుమకొండ. మావారు ప్రైవేటు కంపెనీలో చేస్తారు, చేతికి 39,000 వస్తుంది. నేను ఇంట్లోనే బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను, నెలకు 9,500 దాకా వస్తాయి. పాప ఎనిమిదో తరగతి, బాబు ఐదో తరగతి పూర్తి చేశారు. క్రెడిట్ కార్డు మీద 62,000 బాకీ ఉంది, నెలనెలా మినిమం 3,100 కడుతున్నాం. మామయ్యగారి ఆపరేషన్‌కు తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చాం. పర్సనల్ లోన్ 2,40,000 మిగిలింది. వడ్డీ 14 శాతం, ఈఎంఐ 8,200, ఇంకా 36 నెలలు కట్టాలి. నా రెండు తులాల గాజులు బ్యాంకులో ఉన్నాయి, వాటి మీద 80,000 తీసుకున్నాం, 9 శాతం వడ్డీ. రెండు లక్షల చిట్టీ ఒకటి ఉంది. 40 నెలల్లో 20 నెలలు కట్టాం. ఇప్పుడు పాట (ముందే ఎత్తుకునేవాళ్లు వదులుకునే డబ్బు) 25,000 దగ్గర ఆగుతోంది, కిస్తీ 4,600 దాకా పడుతోంది. చివర్లో ఎత్తుకుంటే పాప చదువుకు పనికొస్తుందని ఆపాం. అన్ని ఖర్చులూ తగ్గించాను, ఈ మధ్య పాలు కూడా లీటరు నుంచి అర లీటరు చేశాను. అయినా నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండదు. రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పిల్లలు మూడేళ్లుగా ఎక్కడికీ పోలేదు. ఈ సెలవుల్లో గోవాకు నలుగురికి 45,000 ప్యాకేజీ ఉంది, కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ ఇస్తారట. ఒక్కసారే కదా అంటున్నారు మావారు. వెళ్లమంటారా? అప్పు తీరే దారి ఏదైనా ఉందా?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ పాల దగ్గర ఆగిపోయానమ్మా. అర లీటరు పాలు తగ్గిస్తే నెలకు వెయ్యి లోపే మిగులుతుంది. అదే ఇంట్లోంచి నెలకు నాలుగున్నర వేలు ఉత్త వడ్డీ కిందే బయటికి పోతున్నాయి. ముందు పాలు మళ్లీ లీటరు చేయండి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కింద రాస్తున్నాను.

మీరు పంపిన ఖర్చుల కాగితం రెండుసార్లు చూశాను. అద్దె 8,500; కిరాణా, కూరగాయలు, పాలు, గ్యాస్ కలిపి 11,000; ఫీజులు, స్కూల్ ఆటో సగటున 5,000; పెట్రోలు, కరెంటు, ఫోన్లు 4,500; అత్తమామల మందులకు 1,500. మొత్తం 30,500. హనుమకొండలో అద్దె ఇంట్లో ఉండి పిల్లలిద్దరినీ చదివించుకునే కుటుంబానికి ఇది చాలా పొదుపైన ఖర్చు. ఇందులో కోత పెట్టడానికి నాకేమీ కనిపించలేదు. ఇక అప్పుల వైపు ఈఎంఐ, చిట్టీ, కార్డు, బయటి అప్పు వడ్డీ కలిపి 17,900. రెండూ కూడితే 48,400. మీ ఇద్దరి సంపాదన 48,500. మిగిలేది వంద రూపాయలు. గాజుల మీది వడ్డీ ఏడాదికి 7,200 ఈ లెక్కలో లేనే లేదు, అది రెన్యువల్ రోజున ఒక్కసారిగా మీద పడుతుంది. కాబట్టి మీకు ఇల్లు నడపడం రాదని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఇంటి ఖర్చు బాగానే ఉంది, అప్పులు తీర్చే వరుస మాత్రం తలకిందులుగా ఉంది.

కార్డు సంగతి చూడండి. నెలకు మూడున్నర శాతం వడ్డీ అని మీ బిల్లులోనే ఉంది. 62,000 మీద అది 2,170. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే మరో 390. మీరు కట్టే 3,100లో 2,560 ఇలా పోగా అసలులో తగ్గేది 540. కార్డు మళ్లీ ఒక్కసారి కూడా గీయకుండా, నెలకు 3,100 తప్పకుండా కడుతూ పోయినా, 20 నెలల్లో మీరు కట్టేది సరిగ్గా 62,000 అవుతుంది. అప్పటికీ 45 వేల పైచిలుకు బాకీ మిగిలే ఉంటుంది. బయటి అప్పుకు నెలకు 2,000, అదే 20 నెలలకు 40,000. ఆ లక్షలో రూపాయి కూడా తగ్గదు. రెండు రూపాయల వడ్డీ అంటే చిన్నగా వినిపిస్తుంది గానీ ఏడాదికి 24 శాతం.

రెండూ కలిపి ఈ 20 నెలల్లో వడ్డీ కిందే దాదాపు 85,000 కట్టబోతున్నారు. ఎందుకు? చిట్టీని చివరిదాకా ఆపడం కోసం. ఇప్పుడు ఎత్తుకుంటే పాట 25,000 పోను 1,75,000 వస్తుంది. చివరి నెలలో ఎత్తుకున్నా పూర్తి రెండు లక్షలు రావు. మీ చిట్టీలో కంపెనీ కమీషన్ 5 శాతం అనుకుంటే 10,000 పోను 1,90,000 వస్తుంది. (2019లో చట్టం సవరించాక కమీషన్ 7 శాతం దాకా తీసుకోవచ్చు, మీ ఒప్పందంలో ఎంతుందో ఒకసారి చూసుకోండి.) అంటే ఆగితే అదనంగా వచ్చేది 15,000. దాని కోసం 85,000 వడ్డీ కడుతున్నారు.

మన వరంగల్ వైపు చిట్టీ అంటే ఇంటి పొదుపు. పెళ్లికో, ఫీజుకో, ప్లాటుకో అని ఆపుకుంటాం. ముందే ఎత్తుకుంటే ‘వాళ్లకు ఏదో ఇబ్బంది వచ్చింది’ అనుకుంటారని చిన్నతనంగా కూడా ఉంటుంది. మా ఇంట్లోనూ పెద్దవాళ్లు ఆఖరి పాట దాకా ఆగేవారు. కానీ అప్పట్లో ఆ ఇంటికి అప్పు లేదు. అప్పు లేని ఇంట్లో చిట్టీ ఆపడం పొదుపే. 24 శాతం, 42 శాతం వడ్డీలు కట్టే ఇంట్లో ఆపడం వల్ల చాలా నష్టం. నేను చెప్పే ముఖ్యమైన మాట ఇదే: వచ్చే పాటలోనే చిట్టీ ఎత్తుకోండి.

పాటకు వెళ్లేముందు కంపెనీకి ఫోన్ చేసి ష్యూరిటీలు (హామీ ఉండేవాళ్లు) ఎందరు కావాలో, ప్రభుత్వ ఉద్యోగులే కావాలా, జీతం స్లిప్పులు చాలా అని అడగండి. డబ్బు ఆలస్యమయ్యేది ఎక్కువగా ఇక్కడే. పాట పాడి, ష్యూరిటీలు దొరక్క డబ్బు నెలల తరబడి కంపెనీలోనే ఉండిపోయిన వాళ్లను చూశాను. ఆ నెలల్లో వడ్డీలు మాత్రం నడుస్తూనే ఉంటాయి. మీవారి అన్నయ్య టీచరని రాశారు కదా, మొహమాటపడకుండా ముందే అడగండి. ఎందుకు ఎత్తుకుంటున్నారో, ఏ అప్పు తీరుస్తారో ఈ లెక్క చూపించి అడిగితే ఆయనకూ ధైర్యంగా ఉంటుంది. పాటలో 25,000 కన్నా ఎక్కువ పోతోందని భయపడకండి. 32,000 దాకా వెళ్లినా మీకు లాభమే. అంతకు మించితే వచ్చే నెల చూడండి.

చేతికొచ్చిన 1,75,000లో 1,62,000తో కార్డు, బయటి అప్పు రెండూ ఒకే వారంలో తీర్చేయండి. కాగితాల ఖర్చులు పోను పది వేలు మిగిలితే దాన్ని విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేసి ఆసుపత్రికి తప్ప ముట్టుకోకండి.

లక్ష ఇచ్చినవాళ్లకు బ్యాంకు ద్వారానే పంపండి. మీరు రాసిచ్చిన ప్రామిసరీ నోటు అదే రోజు వెనక్కి తీసుకోండి. ఖాళీ చెక్కులు ఏమైనా ఇచ్చి ఉంటే అవీ తీసుకోండి. ‘తర్వాత ఇస్తాంలే, మేమెక్కడికి పోతాం’ అంటే నవ్వుతూనే అక్కడే కూర్చోండి. బంధుత్వం బంధుత్వమే, నోటు నోటే. కార్డు బాకీ మొత్తం కట్టాక కూడా వచ్చే నెల చిన్న బిల్లు ఒకటి వస్తుంది. బిల్లు తేదీ నుంచి మీరు కట్టిన రోజు దాకా నడిచిన వడ్డీ అది. కంగారు పడకుండా అదీ కట్టేయండి. ఫోన్‌లో షాపింగ్ యాప్‌లలో ఉన్న కార్డు నంబరు తీసేయండి.

ఒక జాగ్రత్త. ఎత్తుకున్న చిట్టీ ఇక మీకు అప్పే. మిగిలిన 20 కిస్తీలు ఒక్కరోజు కూడా తప్పకూడదు. తప్పితే డివిడెండ్ (పాటలో పోయిన డబ్బులో మీకు వచ్చే వాటా) పోవచ్చు, ష్యూరిటీ పెట్టిన మనిషికి నోటీసు వెళుతుంది. జీతం పడిన మర్నాడే కిస్తీ వెళ్లేలా పెట్టుకోండి. ష్యూరిటీలు అసలే దొరకకపోతే బ్యాంకులో ఉన్న గాజుల మీదే ఇంకొంత ఇవ్వగలరా అని అడగండి. రెండు తులాలకు ఇప్పటి ధరలో 80,000 కన్నా ఎక్కువే వస్తుంది. 9 శాతానికి తెచ్చి ముందు కార్డు బాకీ కట్టేయండి. మీరు మెప్మా (పట్టణాల్లో పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘంలో ఉంటే అక్కడి లోన్ కూడా బయటి వడ్డీ కన్నా చాలా నయం.

ఇప్పుడు గోవా. ఈ ఏడాది వద్దమ్మా. 45,000ను తొమ్మిది నెలల ఈఎంఐ చేసినా నెలకు 5,000. మీకు మిగిలేది వంద. మిగతా 4,900 మళ్లీ కార్డు మీదికే వస్తుంది. నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఉంటాయి. పైగా పాత బాకీ ఉన్న కార్డుకు కొత్త ఖర్చు మీద వడ్డీ లేని గడువు ఉండదు, గీసిన రోజు నుంచే వడ్డీ. గోవాలో పిల్లలు తాగే కొబ్బరి బోండాం కూడా 42 శాతం వడ్డీకి తాగినట్టే. మీవారి కోరికలో తప్పు లేదు. మూడేళ్లు ఎక్కడికీ పోని పిల్లల్ని చూసి ఏ తండ్రికైనా అలాగే అనిపిస్తుంది. అందుకే ప్రయాణం మానుకోమని చెప్పను. నెల మారుద్దాం, ఊరు మారుద్దాం.

రెండు అప్పులు తీరగానే నెలకు 5,100 చేతికి మిగులుతుంది. అందులో 900 పాలకు. 600 గాజుల వడ్డీకి పక్కన. 1,200 ప్రయాణం డబ్బాకు. మిగిలిన 2,400 గాజుల అసలుకు. మే నుంచి సెప్టెంబర్ దాకా డబ్బాలో 6,000 అవుతాయి.

మే నెల ఎండల్లో ఈ చుట్టుపక్కల తిరగడం పిల్లలకు శిక్షే. దసరా నాటికి వానలకు చెరువులు నిండి ఉంటాయి. పండుగ ముందు మీకు కుట్టు పని ఊపిరాడనివ్వదు కాబట్టి, సద్దుల బతుకమ్మ, దసరా అయ్యాక బడి తెరిచేలోపు రెండు రోజులు పెట్టుకోండి. రామప్ప గుడి, లక్నవరం చెరువు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా. ఆధార్ కార్డులు పెట్టుకుంటే మీకూ పాపకూ ఉచితం. బాబుకు అర టికెట్, మీవారికి ఒకటి. నలుగురికీ కలిపి టికెట్టున్నర. ములుగు దాకా ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోండి. పులిహోర, చపాతీలు ఇంటి నుంచి కట్టుకుంటే ఒక పూట బయట తిన్నా, రాత్రికి మామూలు గది తీసుకున్నా ఆరు వేలు దాటదు.

మనకు దగ్గరగా ఉంది కదా అని రామప్పను తక్కువ చేయకండి. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని గోపురానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారని బాబుకు ముందే చెప్పి తీసుకెళ్లండి, దారంతా అవే ప్రశ్నలు అడుగుతాడు. లక్నవరంలో వేలాడే వంతెన మీద పాపను ఫొటోలు తీసుకోనివ్వండి. పాపకు పద్నాలుగేళ్లు ఉంటాయి కదా, ఈ అప్పుల లెక్క ఆమెకు కూడా చూపించండి. గోవా ఎందుకు లేదో తెలిసిన పిల్ల అలగదు. తెలియని పిల్లే తన స్నేహితురాలి ఫొటోలు చూసి బాధపడుతుంది.

గాజుల సంగతి. లెక్క ప్రకారం 9 శాతం అప్పు కన్నా ముందు 14 శాతం పర్సనల్ లోన్ తీర్చాలి. తేడా చూస్తే మొత్తం మూడు నాలుగు వేలు. కానీ పర్సనల్ లోన్ ఈఎంఐతో దానంతట అదే తగ్గుతోంది, ముందుగా కడితే చార్జీలు కూడా ఉండవచ్చు. గాజుల అసలు మాత్రం ఏటా వడ్డీ కట్టి రెన్యువల్ చేసినంత కాలం అక్కడే ఉంటుంది. ఒక ఏడాది ఆ డబ్బు సమయానికి దొరకకపోతే వస్తువు వేలానికి వెళ్లే ప్రమాదం ఉంది. అందుకే నేను గాజులకే ఓటు వేస్తున్నాను. అసలులో కొంచెం కొంచెం కట్టనిస్తారా అని బ్యాంకులో అడగండి. కట్టనివ్వకపోతే 2,400తో రికరింగ్ డిపాజిట్ పెట్టి రెన్యువల్ రోజున ఒకేసారి కట్టండి. 20 నెలల్లో 48,000 తగ్గుతుంది. అప్పటికి చిట్టీ కిస్తీలు అయిపోతాయి, ఆ 4,600 కూడా కలిపితే నెలకు 7,000. మరో ఐదు నెలల్లో మిగతాది తీరిపోతుంది. పండుగ సీజన్‌లో, పెళ్లిళ్ల నెలల్లో కుట్టు డబ్బు 9,500 దాటితే, దాటినదాంట్లో సగం ఇందులో కలపండి. మిగతా సగం పండుగ బట్టలకు.

ఇప్పటి నుంచి 25 నెలలు అంటే మీ పాప పది పూర్తి చేసి ఇంటర్‌లో చేరే సమయం. చిట్టీ ఎత్తుకుంటే పాప చదువుకు ఏం మిగులుతుందని మీకు దిగులుగా ఉంటుంది. ఆ నెల నుంచి గాజులకు కట్టే 7,000, వడ్డీకి తీసే 600 మీ చేతిలోనే ఉంటాయి. అవి పాప కాలేజీ ఫీజుకు. మరో 11 నెలలకు ఈఎంఐ 8,200 కూడా ఆగిపోతుంది. గోవా డబ్బా అప్పుడు తెరుద్దాం, రైలు టికెట్లు నగదుతో కొందాం.

ఈ నెల పాట తేదీ ఎప్పుడో ఈ రోజే కనుక్కోండి. ఎంతకు పోయిందో, ష్యూరిటీల దగ్గర ఏమన్నారో నాకు మళ్లీ రాయండి. ఏదైనా తేడా వస్తే లెక్క మార్చుకుందాం.