మావాడు లాజిక్ ఎనలైజర్ ముందు కూర్చుంటున్నాడు.. వీఎల్ఎస్ఐ కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ మూడో ఏడాది పూర్తి చేశాడు. నెల రోజులుగా ఎఫ్‌పీజీఏ బోర్డు ముందేసుకుని స్క్రీన్ మీద ఏవో గీతలు చూస్తుంటాడు. ఏం చేస్తున్నావురా అంటే 'లాజిక్ ఎనలైజర్‌లో ఏ శాంపిల్స్ దాచాలో సెట్ చేస్తున్నా' అంటాడు. ఫ్రెండ్సంతా ఏఐ కోర్సుల్లో, వీఎల్ఎస్ఐ ఇన్‌స్టిట్యూట్లలో చేరిపోతున్నారు. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఈ నెలాఖరులోగా అడ్వాన్సు కట్టమంటున్నారు. ఈ దారుల్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పోలిక తప్పకుండా చెబుతాను. ముందు ఒక మాట. బోర్డు పేరు మారుతుందేమో గానీ ఈ ఉత్తరం నాకు ఏటా వస్తుంది. కోర్సు ఏదన్నది పైకి కనిపించే ప్రశ్న. 'మావాడు ఒక్కడే వెనకబడిపోతున్నాడేమో' అన్నది అసలు బాధ. కాబట్టి అతను నెల రోజులుగా ఏం చేస్తున్నాడో మీకు తెలియాలి. ఎఫ్‌పీజీఏ అంటే లోపలి సర్క్యూట్‌ను మనమే రాసి మార్చుకోగల చిప్పు. దాని లోపలి సిగ్నళ్లు ఏ క్షణంలో ఎలా ఉన్నాయో రికార్డు చేసి చూపేది లాజిక్ ఎనలైజర్, అలాంటి ఒక్కో రికార్డు ఒక శాంపిల్.

కాలేజీ ల్యాబ్ బోర్డుల్లో సాధారణంగా 50 మెగాహెర్ట్జ్ క్లాక్, అంటే సెకనుకు ఐదు కోట్ల టిక్కులు, ఉంటుంది. దాని మీద 115200 బాడ్ వేగంతో (సెకనుకు 115200 బిట్లు) సీరియల్ డేటా వస్తోందనుకోండి. స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి పది బిట్లు కాబట్టి ఒక బైట్ రావడానికి దాదాపు 87 మైక్రోసెకన్లు పడుతుంది. ఎనలైజర్‌కు 1024 శాంపిల్స్ మెమరీ ఇచ్చి ప్రతి క్లాక్‌కూ ఒకటి దాచమంటే ఇరవై మైక్రోసెకన్లకే అది నిండిపోతుంది. బైట్‌లో పావు వంతు కూడా పట్టదు. మెమరీ పెంచుదామా అంటే అది చిప్ లోపలి ర్యామ్, అతని డిజైన్‌కూ అదే కావాలి. అందుకే ప్రతి క్లాక్‌నూ దాచకుండా, 'బైట్ అందింది' అనే సిగ్నల్ ఒక్క క్లాక్ పాటు పైకి లేచినప్పుడే దాచమని చెబుతారు. అదే 1024 శాంపిల్స్‌లో ఇప్పుడు 1024 బైట్లు పడతాయి. మనిషి కదిలినప్పుడే రికార్డు చేసే సీసీ కెమెరా లాంటిదన్నమాట. ఎఫ్‌పీజీఏ డిజైన్ సాఫ్ట్‌వేర్ క్వార్టస్‌లో ఉండే ఎనలైజర్ సిగ్నల్ ట్యాప్‌లో దీన్ని స్టోరేజ్ క్వాలిఫయర్ అంటారు. అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ వివాడోలో ఉండే ఎనలైజర్ ఐఎల్ఏలో క్యాప్చర్ మోడ్‌ను బేసిక్‌కు మార్చి షరతు పెడతారు.

నెల పట్టడానికి కారణం షరతు రాయడం కాదు, ఏ షరతు రాయాలో తేల్చుకోవడం. 'బైట్ అందింది' సిగ్నల్ అసలు రాకపోవడమే బగ్ అయితే స్క్రీన్ ఖాళీగా ఉంటుంది. బగ్‌ను మన షరతే దాచేసినట్టు. అప్పుడు ఆ షరతు తీసేసి, సిగ్నల్ మారినప్పుడల్లా దాచే ట్రాన్సిషనల్ పద్ధతికి వెళ్లాలి. అందులోనూ చిక్కుంది. పక్కపక్కన కనిపించే రెండు శాంపిల్స్ మధ్య నిజంగా ఎంత సమయం గడిచిందో తెలియదు. దానికి ఒక కౌంటర్‌ను కూడా డేటాతో పాటు దాచుకోవాలి. ఇదంతా పట్టుకున్న కుర్రాడు టైంపాస్ చేస్తున్నట్టా?

ఇక వీఎల్ఎస్ఐ, అంటే చిప్పు డిజైన్ కోర్సుల సంగతి. సెమీకండక్టర్ మిషన్‌కు కేంద్రం 2021 డిసెంబరులో 76,000 కోట్లు ప్రకటించింది. అప్పట్నుంచి ఊరూరా ఈ మాటే. ఫ్యాక్టరీలో చిప్పు తయారుచేసే ఉద్యోగం వేరు, హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో డిజైన్, వెరిఫికేషన్ (డిజైన్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించడం) చేసే ఉద్యోగం వేరు. మీకొచ్చిన బ్రోషర్‌లో ఈ తేడా రాసి ఉందా? నాకు వీటి మీద చాలా అనుమానాలున్నాయి. ఆరు నెలల్లో వెరిఫికేషన్‌కు వాడే సిస్టమ్ వెరిలాగ్ భాష, యూవీఎం పద్ధతి నేర్పిస్తామంటారు. నేర్పిస్తారు కూడా. బ్యాచ్ మొత్తం ఒకే టెస్ట్‌బెంచ్ (డిజైన్‌ను పరీక్షించే కోడ్) రాసుకుని, ఒకే ప్రాజెక్టు రెజ్యూమెలో పెట్టుకుని బయటికొస్తుంది. 'పని చేయని డిజైన్ ఇస్తే ఎక్కడి నుంచి మొదలుపెడతావు' అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది నోరు తెరవలేరు. నూరు శాతం ప్లేస్‌మెంట్ అన్నచోట ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడిగి చూడండి. మంచి ఇన్‌స్టిట్యూట్లు లేవనను. కానీ చేరాల్సింది కుర్రాడికి పునాది ఉన్నప్పుడు, పక్కింటివాళ్లు చేరినప్పుడు కాదు.

ఏఐ కోర్సు అతనికి ఇష్టమైతే వేరే మాట. మీ ఉత్తరంలో ఫ్రెండ్స్, ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అందరూ ఉన్నారు, మీ అబ్బాయికి ఏమిష్టమో ఒక్క ముక్క లేదు. కోపం తెచ్చుకోకండి, కానీ ఇది తప్పే. ఇరవై ఏళ్ల కుర్రాడి తరఫున అడ్వాన్సు మీరు కట్టి చదువు మాత్రం అతను చదవాలంటే ఎలా?

టెన్షన్ పడాల్సినంత ఏమీ లేదు. అతను చేస్తున్న పనికి ఎఫ్‌పీజీఏ డిజైన్, బోర్డు టెస్టింగ్, చిప్పు తయారై వచ్చాక చేసే వాలిడేషన్ ఉద్యోగాల్లో విలువుంది. ఒకప్పటి ఎఫ్‌పీజీఏ చిప్పుల కంపెనీ జైలింక్స్‌ను ఏఎండీ 2022లో కొనుక్కుంది, దానికి హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసే ఉంది. అదే ఊళ్లో డీఆర్‌డీవో ల్యాబులు, ఈసీఐఎల్ ఉన్నాయి. వీటన్నిట్లో సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, అది దాచను. అందుకే గేట్ రాసి ఎంటెక్‌కు వెళ్లే దారి కూడా తెరిచి ఉంచుకోవాలి. పెద్ద చిప్పు కంపెనీల్లోకి ఫ్రెషర్లు చాలావరకు ఆ దారిలోనో, ఇంటర్న్‌షిప్ ద్వారానో వెళ్తారు.

ఈ సెలవుల్లో ఒక పని చేయమనండి. తను పట్టుకున్న బగ్ ఒకటి తీసుకుని, మొదట ఏ షరతు పెట్టాడో, స్క్రీన్ మీద ఏం వచ్చిందో, ఎందుకు మార్చాడో రెండు పేజీలు రాసి, స్క్రీన్‌షాట్లతో గిట్‌హబ్‌లో (కోడ్, ప్రాజెక్టులు అందరికీ కనిపించేలా పెట్టే సైట్) పెట్టమనండి. క్వార్టస్ లైట్ ఉచితమే, ఖర్చేమీ లేదు. ఇంటర్న్‌షిప్‌కు అప్లై చేసేటప్పుడు ఆ లింకు రెజ్యూమెలో పై భాగంలోనే ఉండాలి. నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్ అయ్యేసరికి ఇంటర్న్‌షిప్ దొరక్కపోతే అప్పుడు కోర్సు గురించి ఆలోచిద్దాం, అదీ అతనే వెళ్లి రెండు డెమో క్లాసులు విన్నాక. ఈ నెలాఖరుకు మాత్రం అడ్వాన్సు కట్టకండి.