ఫార్మకాలజీ కోర్సు కోసం చిట్టీ ఎత్తాలా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు, నాన్న పత్తి పండిస్తారు. బీఫార్మసీ పూర్తయి రెండేళ్లయింది. హనుమకొండలో హాస్టల్‌లో ఉంటూ ఒక ప్రైవేటు ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తున్నాను. నెలకు రూ.17,000 చేతికి వస్తాయి. హాస్టల్‌కు 5,000, ఇంటికి 3,000, చిట్టీకి 5,000 పోతాయి. మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే ఫార్మకాలజీ అంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. ఒక సంస్థ ఎనిమిది నెలల ఆన్‌లైన్ కోర్సు చెబుతోంది. ఫార్మకాలజీతో పాటు ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలను గమనించి నమోదు చేసే పని) కూడా నేర్పి, హైదరాబాద్‌లో ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. ఫీజు 72,000, జీఎస్టీ అదనం. వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో కట్టవచ్చట. ఒకేసారి కడితే 10 శాతం తగ్గిస్తారట. సీటు కోసం ఇప్పటికే 2,000 కట్టాను. నాది లక్ష రూపాయల చిట్టీ, 20 నెలలు. ఎనిమిది నెలలు కట్టాను. నాన్న ఆ చిట్టీ ఎత్తి ఫీజు కట్టేయమంటున్నారు. ఎప్పటికైనా ఎంఫార్మసీ చేయాలని కూడా ఉంది. ఇంకొక మాట, ఇంటర్ బైపీసీ చదివిన మా తమ్ముడు డీఫార్మసీ ఆన్‌లైన్‌లో చేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో మూడు కోరికలు కలిసిపోయి ఉన్నాయి. ఫార్మకాలజీ లోతుగా అర్థం కావాలన్నది ఒకటి, హైదరాబాద్‌లో ఉద్యోగం రెండోది, ఎంఫార్మసీ మూడోది. కోర్సు అమ్ముతున్నవారు ఈ మూడింటికీ కలిపి ఒకే రశీదు రాస్తున్నారు. నా లెక్కలో మొదటిదానికి డబ్బు దాదాపు అక్కర్లేదు. రెండోదానికి కొద్దిగా చాలు. మూడోదానికి మీరు గట్టిగా చదివితే ప్రభుత్వమే మీకు డబ్బిస్తుంది. అందుకే సూటిగా చెబుతున్నాను. ఈ కోర్సు కోసం అప్పు చేయవద్దు, చిట్టీ ఎత్తవద్దు.

ముందు ఆ ‘వడ్డీ లేని’ వాయిదాల సంగతి చూద్దాం. 72,000కు 18 శాతం జీఎస్టీ 12,960 కలిపితే మొత్తం 84,960. పన్నెండు వాయిదాలంటే నెలకు 7,080. ఒకేసారి కట్టేవారికి 10 శాతం తగ్గింపు అంటున్నారు కాబట్టి కోర్సు అసలు ధర 76,464 అన్నమాట. మిగతా 8,496 వాయిదాల్లో కట్టినందుకు మీరు అదనంగా ఇచ్చేది. ఏ పేరు పెట్టినా అది వడ్డీయే. నెలనెలా తీరుతూ పోయే అప్పు మీద లెక్కకడితే ఏడాదికి దాదాపు 20 శాతం పడుతుంది. పైగా మీ ఖర్చులన్నీ పోగా నెలకు మిగిలేది 4,000. అందులోంచి 7,080 ఎలా కడతారు? ఇంటికి పంపే డబ్బు ఆపాలి, లేదా చిట్టీ ఆపాలి. నాన్నగారి పత్తి డబ్బు ఎనుమాముల మార్కెట్ నుంచి ఏడాదిలో ఏవో కొన్ని వారాల్లోనే వస్తుంది. మిగతా నెలల్లో ఆ ఇంటికి మీరు పంపే మూడు వేలు చిన్న మొత్తం కాదు.

ఇంకో విషయం చాలామందికి సంతకం పెట్టాక గానీ తెలియదు. వాయిదాల పద్ధతిలో చాలాసార్లు మీరు బాకీ పడేది కోర్సు సంస్థకు కాదు, ఏదో ఒక ఫైనాన్స్ కంపెనీకి. ఆ కంపెనీ ఫీజంతా కోర్సు సంస్థకు ముందే కట్టేస్తుంది. మూడో నెలలో పాఠాలు నచ్చక మీరు మానేసినా, సంస్థే పాఠాలు ఆపేసినా, రుణం మీ పేరున అలాగే ఉంటుంది. వాయిదా తప్పితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. రేపు ఎంఫార్మసీకి బ్యాంకులో విద్యారుణం అడిగినప్పుడు అదే అడ్డొస్తుంది. డిజిటల్ రుణమిచ్చేవారు ముందుగా ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలనీ, అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది రేటు అందులో చూపాలనీ రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ పత్రంలో వడ్డీ సున్నా అని కనిపించవచ్చు. పైన నేను వేసిన తగ్గింపు లెక్క మాత్రం అందులో కనిపించదు.

ఇక చిట్టీ. వరంగల్ ప్రాంతంలో చిట్టీ లేని ఇల్లు తక్కువ, దాని మీద నాకు చిన్నచూపు లేదు. జీతం నిలవనివారికి అది గట్టి పొదుపు. కానీ ఎప్పుడు ఎత్తుతామన్నదే అసలు లెక్క. నిర్వాహకుడి కమీషన్ 5 శాతం అనుకుందాం, చట్టం 7 శాతం వరకు అనుమతిస్తుంది. చివరిదాకా ఆగితే మీకు 95,000 వస్తుంది. ఇప్పుడు 20 శాతం తగ్గించి పాడితే 80,000 చేతికి వస్తుంది, మిగిలిన 12 నెలలూ కిస్తీ కడుతూనే ఉండాలి, జామీను కూడా చూపించాలి. అంటే ఒకేసారి కట్టి 8,496 ఆదా చేయడం కోసం చిట్టీలో 15,000 వదులుకుంటున్నారు. నాన్నగారు ప్రేమతోనే చెప్పి ఉంటారు, ఈ రెండు అంకెలూ ఒకచోట రాసి ఆయనకు చూపించండి. అలాగే మీ చిట్టీ 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో, ప్రతి కిస్తీకీ రశీదు వస్తోందో లేదో చూసుకోండి.

డబ్బు సంగతి పక్కన పెట్టి చదువు సంగతికి వద్దాం. మీరు కొత్తగా ఫార్మకాలజీ మొదలుపెట్టడం లేదు. బీఫార్మసీలో నాలుగు, ఐదు, ఆరు సెమిస్టర్లలో మూడు పేపర్లు చదివారు. వరుసగా వినే పాఠాలు, వారం వారం రాసే అసైన్‌మెంట్లు, చివర్లో నిజమైన పరీక్ష ఉంటే ఆ చదువు మళ్లీ పదునెక్కుతుంది. ఆ పని కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ వేదికలో, ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్‌లో ఉచితంగా జరుగుతుంది. జనవరిలో, జులైలో కొత్త కోర్సులు మొదలవుతాయి. ఫార్మకాలజీకి దగ్గరగా ఏవి ఉన్నాయో ఆ జాబితాలో చూడండి. పాఠాలు వినడానికి పైసా అక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు, అది కోర్సుకు వెయ్యి రూపాయల చుట్టూ ఉంటుంది. ఎన్‌పీటెల్‌లో అసైన్‌మెంట్లకు 25, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75 మార్కులు. అలా కూర్చుని రాసి తెచ్చుకున్న సర్టిఫికెట్‌ను, వీడియోలు చివరిదాకా నడిపితే వచ్చేదానికంటే నేను ఎక్కువ నమ్ముతాను. దగ్గర్లోని పరీక్షా కేంద్రం ఏదో పేరు నమోదుకు ముందే చూసుకోండి.

ఏ కోర్సైనా, ఉచితమైనా డబ్బు కట్టేదైనా, చేరేముందు దాని నమూనా పాఠం ఒకటి అడగండి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ల పాఠం అయితే మంచిది. విన్న మర్నాడు మీ కౌంటర్ దగ్గరే పరీక్ష పెట్టుకోండి. ఆస్తమాకు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ వాడే రోగి చేతికి ప్రొప్రనలాల్ అనే బీటా బ్లాకర్ రాసిన మందుల చీటీ వచ్చిందనుకోండి. గుండె మీదా ఊపిరితిత్తుల మీదా మందు వెళ్లి అతుక్కునే గ్రాహకాల తేడా ఏమిటి, ఒక మందు తెరిచే దారిని రెండోది ఎలా మూసేస్తుంది, అదే చోట అటెనలాల్ అనే మరో బీటా బ్లాకర్ అయితే ఎంత తేడా, ఆ చీటీ గురించి డాక్టరుకు ఫోన్ చేసి ఏమని అడగాలి? ఆ పాఠం విన్నాక ఈ నాలుగు మాటలూ మీ అంతట మీరు చెప్పగలిగితే ఆ ఉపాధ్యాయుడు చెప్పడం తెలిసినవాడు. మందుల పేర్ల పట్టిక మాత్రమే గుర్తుండిపోతే ఆ కోర్సుకు ఫీజు ఎంత తక్కువైనా వద్దు. మీలాగా రోజూ వందల చీటీలు చూసే అవకాశం తరగతి గదిలో కూర్చున్నవారికి దొరకదు, దాన్ని వాడుకోండి.

ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగానికి కొంత పునాది అవసరమన్న మాట నిజమే. దుష్ప్రభావాల నివేదిక ఎలా రాయాలి, మెడ్‌డ్రా పదకోశంతో ఎలా కోడ్ చేయాలి, ఏది తీవ్రమైన కేసు అన్నవి ఇంటర్వ్యూలో అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి పనిచేసే స్వీడన్‌లోని ఉప్సలా మానిటరింగ్ సెంటర్ వీటి మీద ఉచిత ఆన్‌లైన్ కోర్సులు పెట్టింది. మన దేశంలో ఫార్మకోవిజిలెన్స్ జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. అక్కడి శిక్షణ తరగతులకు ఫీజు ఉన్నా, మీకు చెబుతున్న 85 వేలతో పోల్చదగినది కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆసుపత్రి ఫార్మసిస్టుగా మీరే దుష్ప్రభావాల ఫారం నింపి పంపవచ్చు. ఒక మందు వాడాక ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయని చెప్పే రోగి మీ కౌంటర్‌కు రాకుండా ఉండడు. ఏ మందు, ఏ బ్యాచి, ఎప్పుడు మొదలుపెట్టారు, మానేశాక తగ్గిందా అని అడిగి రాసి పంపండి. సందేహం వస్తే 1800-180-3024 ఉచిత నంబరు ఉంది. అలాంటి నివేదికలు కొన్ని స్వయంగా పంపానని, రోగి పేరు బయటపెట్టకుండా, ఇంటర్వ్యూలో వివరించే అభ్యర్థిని ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

నాకు ఎక్కువ ఆశ కలిగించేది మీ మూడో కోరిక. ఎంఫార్మసీ ప్రవేశానికి జరిగే జాతీయ పరీక్ష జీప్యాట్ రాయండి. 125 ప్రశ్నలు, 500 మార్కులు, అందులో ఫార్మకాలజీకే 28 ప్రశ్నలు, అంటే 112 మార్కులు. మీకు ఇష్టమైన సబ్జెక్టే ఇక్కడ బలం. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుందని మరవకండి. అర్హత సాధించి ఆమోదం ఉన్న కళాశాలలో పూర్తికాలం ఎంఫార్మసీలో చేరితే నెలకు రూ.12,400 చొప్పున 24 నెలలు, మొత్తం 2,97,600 ఉపకార వేతనం వస్తుంది. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. కాకతీయ విశ్వవిద్యాలయ ఫార్మసీ కళాశాల మీరున్న ఊళ్లోనే ఉంది. సీటు తీసుకునే ముందు, ఎక్కడైనా సరే, ఆ బ్రాంచిలో చేరినవారికి ఈ ఉపకార వేతనం వస్తుందో లేదో కాగితం మీద చూసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు మీకు అర్హత ఉందో లేదో కూడా అప్పుడే కళాశాల కార్యాలయంలో అడగండి.

అప్పుడు జీతం 17,000 పోయి 12,400 వస్తుంది. ఉపకార వేతనం చేరిన రోజునే ఖాతాలో పడదు, కళాశాల పరిశీలన అవ్వాలి, నెలలు పట్టవచ్చు. అందుకే ఆ చిట్టీని ఇప్పుడు కదిలించవద్దంటున్నాను. మీరు రాసిన లెక్క ప్రకారం అది మరో 12 నెలల్లో ముగుస్తుంది. ఆ 95,000లోంచే మొదటి ఆరు నెలల హాస్టలు, పుస్తకాలు, ఇంటికి పంపే మూడు వేలు నడుస్తాయి. మిగిలే 4,000లో 2,500 ఇప్పటి నుంచే నెలనెలా బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మిగతా 1,500 పరీక్ష ఫీజులకు, ఇంటర్నెట్‌కు, పాత ప్రశ్నపత్రాలకు. విద్యారుణం వడ్డీ మీద 80ఈ పన్ను మినహాయింపు ఉందని ఎవరైనా ఆశపెడితే పట్టించుకోవద్దు. మీ జీతం మీద పన్నే పడదు కాబట్టి దానివల్ల మీకు కలిసొచ్చేది ఏమీ లేదు.

మీ తమ్ముడి విషయంలో నాకు కాస్త భయంగా ఉంది, వెంటనే చెప్పండి. డీఫార్మసీ, బీఫార్మసీ ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో చేసే వీలు లేదు. యూజీసీ 2020 నిబంధనలు ఫార్మసీని ఆ పద్ధతుల నుంచి మినహాయించాయి. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదించిన కళాశాలలో రెండేళ్లు హాజరై, ఆపై 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ పూర్తిచేస్తేనే డీఫార్మసీ. లేకపోతే రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రాదు, షాపు లైసెన్సుకు ఆ పట్టా పనికిరాదు. ఇంట్లో కూర్చోబెట్టి పట్టా ఇస్తామన్నవారికి అడ్వాన్సు కూడా ఇవ్వవద్దు.

మీరు కట్టిన 2,000 గురించి ఈ రోజే ఆ సంస్థకు ఈమెయిల్ రాయండి. సీటు వద్దనీ, డబ్బు తిరిగి ఇవ్వమనీ రెండు వాక్యాలు చాలు. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. ఈలోగా వాళ్లు పంపే లింకుల్లో ఆధార్ ఓటీపీ ఇవ్వకండి, ఖాతా నుంచి నెలనెలా డబ్బు కోసుకునే అనుమతి ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే మీ బ్యాంకు శాఖకు వెళ్లి ఆ ఆటో డెబిట్‌ను రద్దు చేయించుకోండి. మీ పేరున రుణం మంజూరైందో లేదో ఆ ఫైనాన్స్ కంపెనీని రాతపూర్వకంగా అడగండి. మంజూరై ఉంటే ఆలస్యం చేయకండి. డిజిటల్ రుణం వద్దనుకుంటే అసలు, ఆ రోజుల వడ్డీ మాత్రం కట్టి బయటపడే గడువు కొద్ది రోజులే ఉంటుంది.