ప్రూమ్ గారిని తలుచుకునే సాయంత్రానికి

చిరంజీవికి ఆశీస్సులు.

జర్మనీలోని వేలెన్ ఊళ్లో ద్రాక్షతోట నడిపి వైన్ చేసిన మాన్ఫ్రెడ్ ప్రూమ్ గారిని తలుచుకోవడానికి స్నేహితులు తొమ్మిదిమంది మీ ఇంట్లో కూర్చుంటున్నారని, ఆ సాయంత్రం ఎలా నడపాలో చెప్పమని రాశావు. మన సంతాప సభలు ఎలా సాగుతాయో నీకు తెలియనిది కాదు. ఒకరి తర్వాత ఒకరు లేచి "ఆయన లేని లోటు తీరనిది" అంటారు, టీ వస్తుంది, ఇంటికెళ్తారు. పోయిన మనిషి ఎలా నవ్వేవాడో కూడా ఎవరికీ తెలియదు. మీ సాయంత్రం అలా కాకూడదంటే ప్రతి కథనీ ఒక సీసాకి కట్టెయ్యి. "ఆయన చాలా మంచివారు" దగ్గర ఆగిపోయే మనిషిని "ఆ రోజు ఏ ఏటి వైన్ పోశారు? మీకు ముందే చెప్పారా, మీరే కనుక్కోవాల్సి వచ్చిందా?" అని అడుగు. మాట వెంటనే దారిలో పడుతుంది.

ఈ ప్రశ్న ఆయన ఇంటి పద్ధతిలోంచి వచ్చిందే. ఏ ఏటి పంటో చెప్పకుండా వైన్ పోసి, అతిథుల చేత ఊహింపజేయడం ఆయన సరదా అని వెళ్లొచ్చినవాళ్లందరికీ తెలుసు. మీరూ అలాగే చెయ్యండి. సీసా మెడ మీది తొడుగు మొత్తం తీసి, సీసాకి అల్యూమినియం రేకు చుట్టి, 1, 2, 3 అని అంకెలు వెయ్యి. ఆ ఇంటి వైన్లలో కొన్ని ఔస్‌లేజలకు, అంటే బాగా పండిన గుత్తుల్ని ఏరి చేసే తీపి వైన్లకు, బంగారు తొడుగు ఉంటుంది. అది కనబడితే ఆట అయిపోయినట్టే.

తొమ్మిదిమందికి నాలుగు సీసాలు చాలు. తలా 80 మి.లీ. పోస్తే 720 అవుతుంది, అడుగున మిగిలే 30 మి.లీ.లో మడ్డి ఉండిపోతుంది. అయిదో సీసా ఒకటి చేతిలో ఉంచుకో, కార్క్ పాడైన సీసా తగిలితే పనికొస్తుంది. అన్నీ రీస్లింగ్ అనే ఒకే తెల్ల ద్రాక్షవి కాబట్టి వరస తీపిని బట్టి పెట్టు: ముందు అన్నిటికన్నా తేలికైన కాబినెట్, తర్వాత ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసే ష్పేట్‌లేజలు రెండు, చివర ఔస్‌లేజ. ష్పేట్‌లేజల్లో ఒకటి గ్రాఖర్ హిమ్మెల్‌రైఖ్ తోటది, ఒకటి వేలెనర్ సోన్నెన్‌ఉర్ తోటది పెడితే పక్కపక్క కొండల తేడా నాలుకకు తెలుస్తుంది. పేరుమోసిన 1971 పంటే దొరకాలని పట్టుబట్టకు. ధర మండిపోతుంది, పైగా ఎవరి దగ్గర ఎలా దాచారో తెలియని సీసాని నమ్మలేం. 1990, 2001 మంచి ఏళ్లు. ఒక ష్పేట్‌లేజ 2003దైతే ఆ ఏటి ఎండ గ్లాసులో కనబడి, మాట అక్కడ నుంచి సాగుతుంది.

సీసాలను రెండు రోజుల ముందే నిలబెట్టు. అడుగున తెల్లటి పలుకులు కనబడితే అవి గాజు ముక్కలో చక్కెరో కావు, ద్రాక్షలోని ఆమ్లం చలికి గట్టిపడినవి. ఆ సంగతి పోయకముందే చెప్పెయ్యి, లేకపోతే ఎవరో ఒకరు గ్లాసు పక్కన పెట్టేస్తారు. 9, 10 డిగ్రీల దగ్గర పొయ్యి. ఫ్రిజ్‌లోంచి నేరుగా తీస్తే వాసన రాదు, పావుగంట బయట పెట్టు. ముప్ఫై ఏళ్ల కార్క్ మర తిప్పితే పొడైపోతుంది. మర లేకుండా రెండు రేకులుండే కార్క్ తీసే పనిముట్టు కొనుక్కో, రేకుల్ని కార్క్ పక్కల్లోకి అటూ ఇటూ ఊపుతూ దింపి, మెలితిప్పుతూ లాగు.

కొత్తవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. ప్రూమ్ ఇంటి లేత వైన్ తెరవగానే గీసిన అగ్గిపుల్ల వాసన కొడుతుంది. బయటి ఈస్ట్ వెయ్యకుండా తమంతట తామే పులిసే వైన్లలో ఇది మామూలే. పాడైందని పారబొయ్యకు. జగ్గులోకి వంపి గంటసేపు వదిలితే వాసన పోతుంది. తడి అట్టపెట్టె వాసన మాత్రం కార్క్ జబ్బు, గాలి తగిలిన కొద్దీ ఎక్కువవుతుంది. ఆ అయిదో సీసా అందుకే. పాతికేళ్లు దాటినదాన్ని జగ్గులో పొయ్యకు, ఉన్న కాస్త పరిమళమూ ఎగిరిపోతుంది.

తిండి విషయం చిన్నదే. కాబినెట్‌లో ఆల్కహాల్ ఎనిమిది, తొమ్మిది శాతమే, తీపి కొంచెం ఉంటుంది. మన పులిహోరలాంటి మోస్తరు కారం దానికి నప్పుతుంది. ఆవకాయ జాడీ మాత్రం ఆ పూటకి అలమరలోనే ఉండనీ. ఔస్‌లేజ దగ్గర రొట్టె, గట్టి చీజ్ తప్ప ఏమీ వద్దు. రుచి చూసి ఉమ్మడానికి ఒక గిన్నె, పక్కన మంచినీళ్లు పెట్టు. జర్మనీలో బండి నడిపేవాళ్లకి హద్దు 0.5 ప్రోమిల్లే, అంటే రక్తంలో వెయ్యి వంతుల్లో అర వంతు ఆల్కహాల్, అందరినీ రైల్లో రమ్మను.

ఇక మాటలు. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. పెద్దవాళ్లు ముందు, చిన్నవాళ్లు తర్వాత అనే వరస పెట్టకు. వాళ్ల కథ ఏ ఏటిదో ఆ వరసలో పిలువు. ప్రూమ్ గారు తండ్రి తర్వాత 1969లో తోట చేతికి తీసుకున్నారు, 2023లో పోయారు, నడుమ అర్ధ శతాబ్దం ఉంది. ఒక్కో ఏడూ పేర్చుకుంటూ వెళ్తే మనిషి వయసు పెరగడం వినిపిస్తుంది. కథలన్నీ మూడో సీసా లోపే ముగించు. ఔస్‌లేజ వచ్చేసరికి అందరూ ఒకేసారి మాట్లాడతారు, అదీ బాగానే ఉంటుంది గాని రాసుకోవడానికి పనికిరాదు.

సంవత్సరం గుర్తురాని వాళ్లు ఎవరైనా పాత సీసా దాచుకుని ఉంటే లేబుల్ మీద ప్రభుత్వ పరీక్ష సంఖ్య చూడమను. చివరి రెండంకెలు పరీక్ష జరిగిన ఏడు, మామూలుగా పంట మరుసటి ఏడు. దాని ముందున్నది తోటవాళ్లు ఆ వైన్‌కి ఇచ్చిన వరస సంఖ్య. ఒకే పేరుతో ఒకే ఏట రెండు మూడు వైన్లు రావచ్చు. తాగినది ఇదీ అదీ ఒకటేనని పందెం కాసేముందు ఆ అంకె చూసుకోవాలి.

ఒకే సంఘటన ఇద్దరు రెండు రకాలుగా చెబితే అక్కడికక్కడే సరిదిద్దకు, రెండూ ఉంచు. చూసినదీ విన్నదీ మాత్రం కలపకు. "నేనక్కడ లేను, ఫలానావారు చెప్పారు" అనేది మాటలోనే రావాలి. వేలెన్ తోట కొండ మీది సూర్య గడియారం ప్రూమ్ గారే కట్టించారని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది 1842లో వారి వంశంలోని యోడోకుస్ ప్రూమ్ తోట కూలీలకు వేళ తెలియడానికి కట్టించినది. ఆ ఒక్కటీ నవ్వుతూ సరిచెయ్యొచ్చు.

ఫోన్‌లో రికార్డు చేసేముందు తొమ్మిదిమందినీ అడుగు. అడగకుండా ఇంట్లో మాటలు రికార్డు చేయడం జర్మనీలో నేరం. ఫోన్‌ని గ్లాసులకు దూరంగా, మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టు. బల్ల మీద గ్లాసు పెట్టిన ప్రతి చప్పుడూ అందులో పిడుగులా వినబడుతుంది. ప్రతివారూ మొదట పేరు, తేదీ చెప్పాలి. గంట రికార్డింగు రాయడానికి అయిదారు గంటలు పడుతుంది, ఆ వారమే మొదలుపెట్టు. రాసింది ముందు చెప్పినవాళ్లకు చూపించు. తర్వాత ఒక కాపీ వేలెన్‌కి పోస్టులో పంపు. ఇప్పుడు తోట చూస్తున్నది ఆయన కూతురు కటరీనా గారు. కోతల రోజుల్లో, అంటే సెప్టెంబర్ చివర నుంచి నవంబర్ దాకా పంపకు. కవరు విప్పే తీరిక ఎవరికీ ఉండదు.

ఉంటాను,
మీ పెదనాన్న