ఐర్లాండ్ పుణ్యస్థలాలు: గైడ్‌ని ఏం అడగాలి?

ఐర్లాండ్‌లోని పాత పవిత్ర స్థలాల మీద ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపేసి ఐదింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి డబ్లిన్‌లో ఉంటోంది, ఈ ఏడాది వెళ్తున్నాం. ఒక టూర్ ప్రకటనలో న్యూగ్రేంజ్‌ని "డ్రూయిడ్ పూజారులు నిర్మించిన శక్తి క్షేత్రం" అని రాశారు. నిజమేనా? గైడ్ టూర్‌లో వెళ్లాలా, కారు తీసుకుని మేమే వెళ్లొచ్చా?

డ్రూయిడ్లు, అంటే పాత కెల్టిక్ జనాల పూజారులు, న్యూగ్రేంజ్‌ని కట్టలేదండీ. అది రాతిగది మీద పెద్ద దిబ్బ పోసి కట్టిన సమాధి, సుమారు క్రీ.పూ. 3200 నాటిది, అంటే గిజా పెద్ద పిరమిడ్ కంటే కూడా కొన్ని వందల ఏళ్లు పాతది. డ్రూయిడ్ల ప్రస్తావన చరిత్రలో కనబడేది ఆ తర్వాత రెండు వేల ఏళ్లకు పైగా గడిచాకే. లోపలి గదిలో రాతి మీద చెక్కిన మూడు సుడుల గుర్తును ఇప్పుడు లాకెట్ల మీదా టీషర్టుల మీదా "కెల్టిక్" అని అమ్ముతున్నారు, కానీ అది కెల్టిక్ భాషలు (ఐరిష్ ఆ కుటుంబానిదే) ఆ దీవికి చేరకముందే చెక్కినది. కట్టినవాళ్లు వ్యవసాయం చేసుకునే రాతియుగపు మనుషులు, లోహం తెలియదు, రాత తెలియదు, తమ పేరేమిటో కూడా మనకి చెప్పిపోలేదు.

అంతమాత్రాన దాని పవిత్రత తగ్గిపోదు. లోపల దహనం చేసిన మనుషుల ఎముకలు దొరికాయి. అది చనిపోయినవాళ్ల కోసం కట్టిన చోటు, తర్వాత వచ్చిన జనం దాన్ని దేవతల ఇల్లు అన్నారు. డాగ్దా అనే దేవుడు అక్కడ పారే బోయిన్ నదికి దేవత అయిన బోవన్‌ని కలిశాడని, ఆ సంగతి బయటపడకుండా సూర్యుణ్ణి తొమ్మిది నెలలు కదలకుండా ఆపేశాడని, అలా వాళ్ల కొడుకు ఏంగస్ ఒక్క రోజులోనే కడుపున పడి పుట్టేశాడని కథ. ఈ కథలు మనకి దొరికింది మధ్యయుగపు రాతప్రతుల్లో, ఆ ప్రతుల్లో పాతవి సుమారు 1100 నాటివి. అంటే కట్టడానికీ కథ కాగితం మీదకి ఎక్కడానికీ మధ్య నాలుగు వేల ఏళ్లకు పైగా దూరం ఉంది. మంచి గైడ్ ఈ దూరాన్ని దాచడు, తనంతట తానే చెప్తాడు.

ఇక కారు సంగతి. కారులో వెళ్లొచ్చు కానీ తిన్నగా న్యూగ్రేంజ్ గేటు దగ్గరికి వెళ్తే లోపలికి పంపరు. బ్రూ నా బోన్యా విజిటర్ సెంటర్‌కే వెళ్లాలి, అక్కణ్ణించి నది మీది నడక వంతెన దాటి వాళ్ల బస్సెక్కాలి, గదిలోకి వాళ్ల గైడ్ వెంటే వెళ్లాలి. అంటే గైడ్ ఎలాగూ ఉంటారు, ప్రత్యేకంగా టూర్ కొనక్కర్లేదు. డబ్లిన్ నుంచి బస్సు టూర్ తీసుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఒక్కటి అడగండి: "టికెట్‌లో లోపలి గది ఉందా, ఎగ్జిబిషన్ ఒక్కటేనా?" అంత దూరం వెళ్లి లోపలికి అడుగుపెట్టకుండా వెనక్కి రావడం కంటే బాధ లేదు.

లోపలి దారి 19 మీటర్ల పొడవు. నిలువు రాళ్లు కొన్ని లోపలికి ఒరిగి ఉంటాయి, అక్కడ భుజం పక్కకి తిప్పి, తల వంచి వెళ్లాలి, బ్యాగులు తీసేయమంటారు. గదిలోకి చేరాక పైకి చూడండి. రాతి పలకలను కొంచెం కొంచెం లోపలికి జరుపుతూ పేర్చుకుంటూ పోయి పైన ఒక్క రాయితో మూసేశారు, సందుల్లో కాల్చిన మట్టి, సముద్రపు ఇసుక కలిపి కూరారు. ఐదు వేల ఏళ్లుగా ఐర్లాండ్ వానకి ఆ కప్పు కారలేదు! నా మట్టుకు నాకు ఏ శక్తి క్షేత్రం మాటా ఈ ఒక్క సంగతికి సాటిరాదు.

ప్రశ్న: డిసెంబర్ 21న న్యూగ్రేంజ్ లోపలికి సూర్యకాంతి పడటం చూడాలంటే ఏం చేయాలి?

లాటరీకి పేరు ఇవ్వాలి. గది చిన్నది, చోటు దొరికేది కొద్దిమందికే, దరఖాస్తులు వేలల్లో ఉంటాయి. పేరు వచ్చినా ఆ ఉదయం మబ్బు పడితే వెలుగు రాదు. అందుకని ఆశంతా దాని మీదే పెట్టుకోకండి. మామూలు టూర్‌లోనూ గైడ్ దీపాలన్నీ ఆర్పేసి, బల్బు వెలుగును దారి పొడవునా గదిలోకి పంపి చూపిస్తారు. చుట్టూ కటిక చీకటి, నేల మీద సన్నటి బంగారు చార. బల్బే అని తెలిసినా ఒళ్లు జలదరిస్తుంది.

ఈ వెలుగు సంగతి ఎలా బయటపడిందో మాత్రం గైడ్‌ని తప్పక అడగండి. 1962 నుంచి అక్కడ తవ్వకాలు జరిపిన పురావస్తు ఆచార్యుడు మైకేల్ ఓకెల్లీకి, వచ్చేపోయేవాళ్లు ఒక మాట చెబుతూ ఉండేవారట: ఏదో ఒక రోజున పొద్దుటి ఎండ లోపలి సుడుల దాకా పోతుందని. ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ రాళ్ల వలయం గురించి విన్నది ఇక్కడికి అంటగడుతున్నారని మొదట అనుకున్నాడు. ఆ తర్వాత ద్వారం పైన ఒక కిటికీలాంటి సందు బయటపడింది. 1967 డిసెంబర్ 21 తెల్లవారుజామున ఒక్కడే లోపల కూర్చుని చూశాడు, వెలుగు నిజంగానే వచ్చింది. సుమారు 17 నిమిషాలు ఉంటుంది. జనం నోట్లో నలిగే మాటను కొట్టిపారేయకూడదు, అలాగని పరీక్షించకుండా ఒప్పుకోనూ కూడదు. ఓకెల్లీ చేసింది సరిగ్గా అదే.

ప్రశ్న: టారా కొండ మీద ఒక రాయి అసలైన రాజు తాకితే అరిచేదట. గైడ్లు ఇలాంటివన్నీ పర్యాటకుల కోసం అల్లుతారా?

టారా అంటే పాత ఐరిష్ రాజుల కొండ, ఆ రాయి పేరు లియా ఫాల్. కథ గైడ్ అల్లింది కాదు, మధ్యయుగపు ఐరిష్ గ్రంథాల్లో ఉంది. కానీ రాయి ఇప్పుడున్న చోటు దాని పాత చోటు కాదు. బ్రిటిష్ పాలన మీద 1798లో జరిగిన తిరుగుబాటులో టారా దగ్గర చనిపోయినవాళ్ల సమాధికి గుర్తుగా 19వ శతాబ్దంలో దాన్ని అక్కడికి జరిపారు. "రాజులు సరిగ్గా ఇక్కడే నిలబడేవారు" అని ఎవరైనా ఆ గడ్డి మీద నిలబెట్టి ఫొటో తీయిస్తే, ఆ గైడ్ మిగతా మాటలు కూడా కాస్త జాగ్రత్తగా వినండి.

నేనైతే ప్రతి కథకీ మూడు ప్రశ్నలు వేస్తాను. ఇది తవ్వకంలో తేలిందా, రాతప్రతిలో ఉందా, లేక ఈ మధ్య పుట్టిందా? ఐర్లాండ్‌కి క్రైస్తవం తెచ్చాడని చెప్పే సెయింట్ పాట్రిక్ సంగతే తీసుకోండి. టారా రాజు ఆజ్ఞను ధిక్కరించి ఎదురుగా స్లేన్ కొండ మీద ఈస్టర్ మంట వెలిగించాడన్నది గొప్ప కథ, టారా మీద నిలబడి అటు చూస్తూ వింటే మరీ గొప్పగా ఉంటుంది. రాసింది ముయిర్హూ అనే 7వ శతాబ్దపు రచయిత, పాట్రిక్ 5వ శతాబ్దం మనిషి. రెండూ తెలిసి వింటే కథ రుచి ఏమీ తగ్గదు.

కథను మ్యాప్ అనుకుంటే ఏమవుతుందో కూడా టారాలోనే చూడొచ్చు. 1899 నుంచి 1902 మధ్య, బైబిల్‌లోని నిబంధన మందసం (పది ఆజ్ఞల పలకలు పెట్టిన పెట్టె) ఇక్కడే పాతిపెట్టి ఉందని నమ్మిన ఒక బ్రిటిష్ బృందం కొండ మీది ఒక ప్రాచీన మట్టికోటను ఇష్టమొచ్చినట్టు తవ్వేసింది. కవి యేట్స్ లాంటివాళ్లు బహిరంగంగా గొడవపెట్టారు. మందసం దొరకలేదు, తవ్విన చోట పురావస్తు ఆధారాలు మాత్రం పాడైపోయాయి. లియా ఫాల్‌ని కూడా 2012లో సుత్తితో కొట్టారు, 2014లో రంగు పోశారు. కోపం వస్తుంది ఇవి చదివితే. వేల ఏళ్లు నిలిచినదాన్ని మన కాలంలో కాపాడుకోలేకపోతే ఎలా? టారాకి ప్రవేశ టికెట్ లేదు, ఎప్పుడైనా ఎక్కొచ్చు. కాపలా లేదు కాబట్టే మనం ఇంకా జాగ్రత్తగా నడుచుకోవాలి.

ప్రశ్న: బ్రిజిడ్ బావి దగ్గర చెట్టుకి గుడ్డ కట్టి మొక్కుకుంటారని విన్నాను. నేను క్రైస్తవురాలిని కాను. కట్టొచ్చా?

మిమ్మల్ని మతం ఎవరూ అడగరు. కిల్డేర్ దగ్గరి ఆ బావికి అన్ని రకాల మనుషులూ వస్తారు. బ్రిజిడ్ అంటే చర్చికి సెయింట్. సుమారు 900 నాటి ఒక ఐరిష్ నిఘంటువు అదే పేరుతో కవిత్వానికీ వైద్యానికీ కమ్మరానికీ ముగ్గురు అక్కచెల్లెళ్లయిన దేవతలను చెప్తుంది. ఆ దేవతే సెయింట్‌గా మారిందా అన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు, కాబట్టి "అవును, ఖాయం" అని గైడ్ అంటే అది ఆయన అభిప్రాయం అనుకోండి.

12వ శతాబ్దంలో కిల్డేర్ చూసిన జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే రచయిత అక్కడి అఖండ జ్యోతి గురించి రాశాడు. 19 మంది సన్యాసినులు ఒక్కో రాత్రి ఒక్కొక్కరు కాపలా ఉండేవారట, ఇరవయ్యో రాత్రి మంటను బ్రిజిడ్‌కే అప్పగించి వెళ్లిపోయేవారట. పొద్దున చూస్తే కట్టెలు కాలి ఉండేవి, మంట ఆరి ఉండేది కాదు. తర్వాతి కాలంలో ఆగిపోయిన ఆ జ్యోతిని 1993లో బ్రిజిడైన్ సిస్టర్లు (బ్రిజిడ్ పేరు పెట్టుకున్న సన్యాసినుల సంఘం) మళ్లీ వెలిగించారు. ఇప్పుడది సొలస్ వ్రీజా అనే వాళ్ల కేంద్రంలో ఉంది. 2023 నుంచి బ్రిజిడ్ పేరు మీద ఐర్లాండ్‌లో జాతీయ సెలవు కూడా ఇస్తున్నారు.

గుడ్డ విషయానికొస్తే, నమ్మకం ఏమిటంటే గుడ్డ కుళ్లిపోయేకొద్దీ జబ్బు తగ్గుతుందని. అందుకని నూలు పీలికే కట్టాలి, అదీ వదులుగా. నైలాన్ రిబ్బన్లు, ప్లాస్టిక్ పూసలు కడితే కుళ్లవు, కొమ్మకి బిగుసుకుని చెట్టుని చంపుతాయి. నాణేలు రాతి పగుళ్లలో దోపడం కూడా వద్దు. ఏమీ కట్టకుండా బావి చుట్టూ సూర్యుడు తిరిగే దిక్కున తిరిగి రావడం కూడా అక్కడి పాత పద్ధతే, చెట్టుకీ హాయి.

ప్రశ్న: మా అమ్మగారికి 70 దాటాయి, మోకాళ్ల నొప్పులు. చేతిలో నాలుగు రోజులున్నాయి. ఏవి చూపించాలి, ఏవి మానుకోవాలి?

ముందు మానుకోవాల్సినవి. పాత మఠం ఉన్న స్కెల్లిగ్ మైఖేల్ దీవికి పడవ ప్రయాణం, దాని మీద 600కు పైగా రాతి మెట్లు, దీవిలో టాయిలెట్ ఉండదు, సముద్రం బాగాలేకపోతే పడవే కదలదు. సెయింట్ పాట్రిక్ పేరు మీద యాత్ర చేసే క్రో పాట్రిక్ కొండ 764 మీటర్లు, పైభాగమంతా కాలికింద జారే గులకరాళ్లు. జూలై ఆఖరి ఆదివారం కొందరు చెప్పుల్లేకుండా ఎక్కుతారు, అది చూసి మనం సరదా పడకూడదు.

రాత్‌క్రోహన్ అనే పాత రాజస్థలంలోని ఓవెన్‌నగాట్ గుహ కూడా అమ్మగారికి కుదరదు, కానీ మీరు వెళ్లండి. హాలోవీన్‌కి మూలమైన సౌవిన్ పండుగ రాత్రి ఇక్కణ్ణించే పరలోకపు జీవాలు బయటికొచ్చేవని కథలు. ద్వారం ఒక పొలం గట్టు పక్కన బొరియలా ఉంటుంది, బురదలో పాక్కుంటూ దిగాలి. దిగగానే పైరాతి అంచున ఓగమ్ అనే పాత ఐరిష్ లిపి గీతలు కనిపిస్తాయి, "మేవ్ కొడుకు ఫ్రేహ్" అని చదివారు. మేవ్ ఆ ప్రాంతపు పురాణాల్లో రాణి. రాతి మీద గీతా రాణి కథా అలా ఒకేచోట ఎదురవడం చాలా అరుదు. గుహ ఉన్నది రైతు పొలంలో కాబట్టి టల్స్క్ విజిటర్ సెంటర్ వాళ్ల గైడ్‌తోనే వెళ్లాలి, పాత బట్టలు వేసుకోండి.

అమ్మగారితో ఒక రోజు న్యూగ్రేంజ్, కానీ ఆ ఇరుకు దారి గురించి బుకింగ్‌లోనే చెప్పండి. ఇంకో రోజు కిల్డేర్. మూడో రోజు గ్లెండలాక్, సెయింట్ కెవిన్ 6వ శతాబ్దంలో పెట్టిన మఠం. అక్కడి రౌండ్ టవర్ సుమారు 30 మీటర్లు ఉంటుంది, ఎక్కనివ్వరు కాబట్టి ఆ బెంగ లేదు, కింది సరస్సు వైపు దారి కూడా చదునే. కెవిన్ చేతులు చాచి ప్రార్థన చేస్తుంటే ఒక పక్షి అరచేతిలో గుడ్లు పెట్టిందట, అవి పిల్లలయ్యేదాకా ఆయన చెయ్యి కదపలేదట. నాలుగో రోజు ఏమీ పెట్టకండి. వాన ఏ రోజైనా ఒక ప్లాన్ తినేస్తుంది, ఆ రోజుది దీనికి జరుపుకోవచ్చు. వీసా సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి, షెంగెన్ వీసా ఐర్లాండ్‌కి పనికిరాదు, వేరే తీసుకోవాలి.